టెక్ సందేహాలు: ఇంటికీ, పనికీ ఒకే కార్డ్‌లెస్ డ్రిల్... ఏ కంపెనీది?

ప్రశ్న: మాది నరసన్నపేట. యూపీవీసీ కిటికీలు, దోమతెర తలుపులు బిగించే పని చేస్తాను. ఇన్నాళ్లూ వైరు మిషన్‌తోనే నెట్టుకొచ్చాను. కొత్తగా కడుతున్న ఇళ్లలో చాలాచోట్ల కరెంటు ఉండదు. పక్కింటివాళ్లని బతిమాలుకుని వైరు లాక్కోవాల్సి వస్తోంది. మా ఇంటికీ, పనికీ పనికొచ్చేలా ఒక కార్డ్‌లెస్ డ్రిల్ కొందామనుకుంటున్నాను. ఒకరు బాష్ అంటారు, ఒకరు మకీటా, ఇంకొకరు డీవాల్ట్. షాపులో అడిగితే 'ఇంగ్‌కో తీసుకుపో బావూ, ఏటీ కాదు' అన్నారు. ఆన్‌లైన్‌లో 48 వోల్టులది మూడు వేలకే కనిపిస్తోంది. ఏది కొనమంటారు?

జవాబు: ముందు ఆ 48 వోల్టుల సంగతి తేల్చేద్దాం. ఈ మిషన్ల బ్యాటరీల్లో ఉండేవి లిథియం అయాన్ సెల్లులు. ఒక్కో సెల్లు 3.6 వోల్టులు. ఫుల్‌గా ఛార్జ్ చేసినప్పుడు 4.2 దాకా వెళ్తుంది. ఐదు సెల్లులు వరసగా కలిపితే 18 వోల్టులు. అదే బ్యాటరీని ఒక కంపెనీ 18 అని రాస్తుంది, ఇంకోటి 20 అని రాస్తుంది, చవక రకం వాళ్లు 21 అని రాస్తారు. మూడింటిలోనూ ఉన్నది ఐదు సెల్లులే. అంతవరకు సర్దుకోవచ్చు. కానీ అదే సైజు బ్యాటరీ మీద 48వీఎఫ్, 88వీఎఫ్ అని స్టిక్కర్ వేసి అమ్ముతున్నారు చూశారా, ఆ అంకెలకీ వోల్టులకీ సంబంధం లేదు. నిజంగా 48 వోల్టులు రావాలంటే 13 సెల్లులు పట్టాలి. బ్యాటరీ మీద వాట్ అవర్స్ (అందులో మొత్తం ఎంత శక్తి పడుతుందో చెప్పే లెక్క) ఎంతో రాసి ఉందేమో చూడండి. వోల్టుల్ని ఆంపియర్ అవర్స్‌తో గుణిస్తే అది వస్తుంది. 18 వోల్టులు, 2 ఆంపియర్ అవర్స్ అయితే 36 వాట్ అవర్స్ అని ఉండాలి. ఆ అంకె ఎక్కడా లేకపోతే, ఆ మిషన్‌ని నమ్ముకుని రోజూ కూలి సంపాదించే పనికి వెళ్లకండి.

ఇక కంపెనీ. డ్రిల్ కొంటున్నామని మనం అనుకుంటాం గానీ, అసలు ఖర్చు బ్యాటరీలది, ఛార్జర్‌ది. మామూలుగా ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ మిషన్‌కి పట్టదు. అందుకని మొదటి మిషన్ కొనడమంటే ఆ ఇంటితో సంబంధం కలుపుకున్నట్టే. రేపు గ్రైండర్ కొన్నా, కటింగ్ మిషన్ కొన్నా, బ్లోయర్ కొన్నా ఆ కంపెనీ వైపే చూస్తారు. ఎందుకంటే బ్యాటరీలు ఉన్నవాళ్లకి బాడీ మాత్రమే విడిగా అమ్ముతారు, అది చాలా తక్కువలో వస్తుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. పేరు ఒకటే అయినా లోపల వరసలు వేరుగా ఉంటాయి. బాష్‌లో నీలం రంగువి పనివాళ్లకి, పచ్చ రంగువి ఇంటి వాడకానికి. రెండూ 18 వోల్టులే అయినా ఒకదాని బ్యాటరీ ఇంకోదానికి ఎక్కదు. మకీటాలో ఎల్‌ఎక్స్‌టీ అనే వరస ఉంది, 2005 నుంచి వస్తోంది, అందులో లేని మిషన్ లేదు. అదే మకీటాలో తక్కువ ధరకి జీ సిరీస్ అని ఇంకో 18 వోల్టుల వరస ఉంది. జీ సిరీస్ డ్రిల్ కొనేసి, తర్వాత ఎల్‌ఎక్స్‌టీ గ్రైండర్‌కి ఆ బ్యాటరీ పెడదామంటే కుదరదు. డీవాల్ట్, బ్లాక్ అండ్ డెక్కర్ ఒకే యాజమాన్యం కింద ఉన్నా వాటి బ్యాటరీలూ అంతే. షాపులో 'మకీటాయేనండీ' అన్నంత మాత్రాన సరిపోదు, ఏ వరస అని అడగండి. షాపువాళ్లకే చాలాసార్లు ఈ తేడా తెలీదు.

మీ పనికి వద్దాం. ఇటుక గోడకి ఫ్రేము బిగించడం వేరు, కాంక్రీటు లింటలుకో పిల్లరుకో బిగించడం వేరు. మామూలు హామర్ డ్రిల్‌లో రెండు పళ్ల చక్రాలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ బిట్టుని ముందుకీ వెనక్కీ ఆడిస్తాయి. మీరు వెనక నుంచి ఎంత గట్టిగా నొక్కితే అంత పని. ఇటుకకి అది చాలు, ఫ్లైయాష్ ఇటుకలకీ చాలు. కాంక్రీటు దగ్గర మాత్రం బిట్టు ఎర్రగా కాలడం, భుజం పట్టేయడం తప్ప కన్నం దిగదు. దానికి రోటరీ హామర్ కావాలి. అందులో పిస్టన్ ఉంటుంది, గాలి ఒత్తిడితో బిట్టు వెనక సుత్తి దెబ్బలా కొడుతుంది. మీరు నొక్కక్కర్లేదు, పట్టుకుంటే చాలు. దీని బిట్టులు కూడా వేరు. ఎస్‌డీఎస్ ప్లస్ అంటారు, అడుగున గాడులు ఉంటాయి.

బాష్‌లో అయితే మోడల్ పేరు చూస్తేనే ఈ సంగతి తెలిసిపోతుంది. జీఎస్‌ఆర్ అంటే హామర్ లేని డ్రిల్, స్క్రూలకీ చెక్కకీ ఇనుముకీ. జీఎస్‌బీ అంటే హామర్ ఉన్నది. జీబీహెచ్ అంటే రోటరీ హామర్. మకీటాలో ఇవే వరసగా డీడీఎఫ్, డీహెచ్‌పీ, డీహెచ్‌ఆర్. ఈ అక్షరాలు కాగితం మీద రాసుకుని వెళ్తే బేరం దగ్గర మీ మాటకి విలువ ఉంటుంది.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. ఇప్పుడు 18 వోల్టుల హామర్ డ్రిల్ ఒకటి, రెండు బ్యాటరీల కిట్టు కొనండి. పిల్లర్లూ లింటళ్లూ వచ్చినప్పుడు ఉన్న వైరు మిషన్‌తోనో, అద్దె మిషన్‌తోనో కొన్నాళ్లు గడపండి. చేతిలో డబ్బు ఆడాక అదే బ్యాటరీకి పట్టే రోటరీ హామర్ బాడీ తెచ్చుకోండి. ఈ లెక్కలో చూస్తే బాష్ నీలం 18 వోల్టులు, మకీటా ఎల్‌ఎక్స్‌టీ, డీవాల్ట్ మూడింటిలోనూ రోటరీ హామర్లు ఉన్నాయి. మూడూ మంచివే. యూట్యూబ్‌లో వీటి మధ్య జరిగే యుద్ధాలు చూసి టెన్షన్ పడకండి, మీ పనిలో ఆ తేడా తెలీదు.

మీ పనిలో తెలిసే తేడా వేరే ఉంది. మిషన్ పాడైతే ఎక్కడికి పట్టుకెళ్లాలి? కంపెనీ వెబ్‌సైట్‌లో 532తో మొదలయ్యే మీ పిన్‌కోడ్ కొట్టి సర్వీస్ సెంటర్ ఎక్కడుందో చూడండి. శ్రీకాకుళం చూపిస్తే పొద్దున్న వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. విశాఖ చూపిస్తే పోనూ రానూ ఒక రోజు పని పోయినట్టే, రెండోసారి తెచ్చుకోవడానికి ఇంకో రోజు. రెండోది, మీ తోటి పనివాళ్ల దగ్గర ఏముంది? పక్కవాడి దగ్గర మకీటా ఉంటే మీరూ మకీటాలో అదే వరసది కొనండి. మీ బ్యాటరీ అయిపోయినప్పుడు అతనిది పెట్టుకోవచ్చు, అతనికి మీది. ఇదేమీ తేల్చుకోలేకపోతే నా ఓటు బాష్ నీలానికి. మన జిల్లాల హార్డ్‌వేర్ షాపుల్లో బ్యాటరీ గానీ, కార్బన్లు (మోటారులో అరిగిపోయే బ్రష్‌లు) గానీ అడగ్గానే దొరికే అవకాశం దానికే ఎక్కువ అని నా అభిప్రాయం.

కార్బన్లు అన్నాను కాబట్టి ఒక మాట. బ్రష్‌లెస్ అని రాసి ఉన్న మిషన్లలో కార్బన్లు ఉండవు. అరుగుడు లేదు, నిప్పురవ్వలు లేవు, అదే బ్యాటరీ మీద ఎక్కువ స్క్రూలు వస్తాయి. రోజంతా వాడేవాళ్లు ఆ పైడబ్బు పెట్టడం మంచిది. ఇంట్లో నెలకోసారి వాడేవాళ్లకి అక్కర్లేదు.

ఇంగ్‌కో, టోటల్ లాంటి తక్కువ ధర కంపెనీలవి తీసిపారేయను. ధరకి తగ్గ పని చేస్తాయి, కొత్తగా పని నేర్చుకునే కుర్రాడి చేతికి ఇవ్వడానికి బాగుంటాయి. కానీ షాపులో అన్నట్టు 'ఏటీ కాదు' అనే మాట బిల్లు మీద రాయరు కదా. రెండేళ్ల తర్వాత అదే బ్యాటరీ విడిగా ఇస్తారా అని అడిగి, ఇప్పుడే ఒక విడి బ్యాటరీ షాపులో చూపించమనండి. చూపిస్తే ఆలోచించండి. ఏ కంపెనీదైనా సరే, మిషన్‌కీ బ్యాటరీకీ వారంటీ వేరువేరుగా ఉండొచ్చు. సీరియల్ నంబరుతో జీఎస్టీ బిల్లు తీసుకోండి. 'ఒరిజినల్‌కి పట్టే బ్యాటరీ' అని సగం ధరకి అమ్మేవి మాత్రం కొనకండి. లోపల సెల్లులు ఎక్కడివో ఎవరికీ తెలీదు, రాత్రి ఛార్జింగ్ పెట్టి పడుకునే ఇల్లు మీది.

ప్రశ్న: మేము విజయనగరంలో అద్దె ఇంట్లో ఉంటున్నాం. కర్టెన్ రాడ్లు, గోడ గడియారం, పిల్లల బుక్ షెల్ఫ్ బిగించాలన్నా ప్రతిసారీ ఎలక్ట్రీషియన్ కోసం ఎదురుచూడాల్సి వస్తోంది. నేనే చేసుకోగలిగే తేలికైన కార్డ్‌లెస్ డ్రిల్ చెప్పండి. 12 వోల్టులది సరిపోతుందా, 18 కావాలా?

జవాబు: అమ్మా, మీకు కార్డ్‌లెస్ అవసరమే లేదని చెబితే ఏమీ అనుకోకండి. ఏడాదిలో నాలుగైదుసార్లు తీసే మిషన్‌కి బ్యాటరీ దండగ. అల్మరాలో పడుకుని ఉన్నా ఏళ్లు గడిచేకొద్దీ దాని బలం తగ్గిపోతుంది. వైరుతో నడిచే 10 ఎంఎం లేదా 13 ఎంఎం చక్ (బిట్టుని పట్టుకునే మూతి) ఉన్న ఇంపాక్ట్ డ్రిల్ కిట్టు, అంటే హామర్ డ్రిల్లే, పేరున్న కంపెనీదే కార్డ్‌లెస్ కంటే తక్కువలో వస్తుంది. గోడకి కన్నం వేయడంలో 12 వోల్టుల మిషన్ దాని ముందు నిలబడలేదు. కొన్ని కిట్లలో బిట్టులు, రావల్ ప్లగ్గులు (కన్నంలో స్క్రూని పట్టి ఉంచే ప్లాస్టిక్ గొట్టాలు) కూడా వస్తాయి.

ఫర్నిచర్ స్క్రూలు బిగించడానికే ఎక్కువగా కావాలంటే మాట వేరు. అప్పుడు 12 వోల్టులది బాగుంటుంది. అందులో మూడే సెల్లులు, చెయ్యి నొప్పి పెట్టదు. ముందున్న రింగు మీద 1, 2, 3 అని అంకెలుంటాయి, అది క్లచ్. చిన్న అంకె దగ్గర మొదలుపెట్టండి. స్క్రూ పూర్తిగా దిగగానే టకటకమని శబ్దం వచ్చి ఆగిపోతుంది. ఆ రింగుని డ్రిల్ బొమ్మ మీద వదిలేసి స్క్రూ బిగిస్తే ప్లైవుడ్ చీలిపోతుంది. స్విచ్ బోర్డుకి నేరుగా పైనా కిందా మాత్రం ఎప్పుడూ కన్నం వేయకండి, గోడలో వైర్లు ఎక్కువగా ఆ దారినే వెళ్తాయి.

ప్రశ్న: మా బావ దుబాయ్‌లో పని చేస్తున్నాడు. వచ్చే నెల సోంపేట వస్తున్నాడు. అక్కడ డ్రిల్ కిట్లు తక్కువకి వస్తాయంటున్నాడు. తెమ్మనొచ్చా? బ్యాటరీలు విమానంలో రానిస్తారా?

జవాబు: రానిస్తారు, కానీ సర్దే పద్ధతి ఉంది. డ్రిల్ బాడీ చెక్-ఇన్ లగేజీలో వేయాలి, చేతి సంచిలో పెడితే సెక్యూరిటీలో తీసేస్తారు. విడి లిథియం బ్యాటరీల సంగతి దీనికి వ్యతిరేకం, అవి చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్‌లో వేయకూడదు. 100 వాట్ అవర్స్ లోపు అయితే పేచీ లేదు. 18 వోల్టులు, 5 ఆంపియర్ అవర్స్ అంటే 90, సరిపోతుంది. 6 ఆంపియర్ అవర్స్ అయితే 108 అవుతుంది, విమాన కంపెనీని ముందే అడిగి అనుమతి తీసుకోవాలి. బ్యాటరీ కొనల మీద టేపు అంటించమనండి.

దుబాయ్ కరెంటు మన కరెంటు లాంటిదే, ఛార్జర్ పనిచేస్తుంది. పిన్నులు మాత్రం అక్కడివి దీర్ఘచతురస్రంగా ఉంటాయి, కన్వర్టర్ ప్లగ్ ఒకటి కొనుక్కోవాలి. అమెరికా నుంచి తెచ్చే ఛార్జర్లతోనే ప్రమాదం. 120 వోల్టులది మన ప్లగ్గులో పెడితే ఛార్జర్ కాలిపోతుంది. ఇక వారంటీ అక్కడిది ఇక్కడ చెల్లుతుందని ఆశపెట్టుకోకండి. తగ్గిన డబ్బు ఎంతో, పోయిన వారంటీ విలువ ఎంతో మీ బావా మీరూ కూర్చుని లెక్క వేసుకోండి. నాకైతే తేడా రెండు వేల లోపు ఉంటే ఇక్కడే కొనడం మేలనిపిస్తుంది.

ప్రశ్న: 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మా ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. ఎగిరిన రేకులు మళ్లీ బిగించడానికి అప్పుడు మిషన్ లేక అవస్థ పడ్డాం. ఇప్పుడు కార్డ్‌లెస్ కొన్నాను. బ్యాటరీ ఎలా దాచుకోవాలి?

జవాబు: వాడనప్పుడు సగం ఛార్జ్‌లో ఉంచండి. మిషన్ నుంచి తీసి, ఇంట్లో చల్లటి చోట పెట్టండి. రేకుల షెడ్డులోనూ, బండి డిక్కీలోనూ వద్దు. ఎండలో పని చేశాక బ్యాటరీ వేడిగా ఉన్నప్పుడు ఛార్జర్‌లో పెడితే మంచి ఛార్జర్లు చల్లారేదాకా ఛార్జ్ మొదలుపెట్టవు. లైటు మెరుస్తోందని పాడైపోయిందనుకోకండి. తుపాను హెచ్చరిక రాగానే మాత్రం అన్నీ ఫుల్ ఛార్జ్ చేసి ఉంచండి. సముద్రపు గాలికి మీ ప్రాంతంలో బిట్టులు, చక్ తుప్పు పడతాయి, అప్పుడప్పుడు నూనె గుడ్డతో తుడవండి. రేకుల స్క్రూలకి ఆరు పలకల సాకెట్ బిట్టు విడిగా కొనాలి, కిట్టులో చాలాసార్లు ఉండదు.

ప్రశ్న: టెక్కలి నుంచి. వంటింట్లో గ్రానైట్ గట్టుకి కొత్త కుళాయి కోసం హోల్ వేయాలి. హామర్ డ్రిల్ ఉంది, వేసేయొచ్చా?

జవాబు: వద్దు. హామర్ పెడితే గట్టు పగులుతుంది. గ్రానైట్‌కి లోపల బోలుగా ఉండే డైమండ్ కోర్ బిట్టు కావాలి, హామర్ ఆపేసి, నెమ్మదిగా, నీళ్లు పోస్తూ తిప్పాలి. వైరు మిషన్ దగ్గర నీళ్లంటే షాక్ భయం కూడా ఉంది. మీ ఊళ్లోనే ఇన్ని గ్రానైట్ యూనిట్లున్నాయి, ఆ పనివాళ్లలో ఒకరిని పిలవండి.