నువ్వుల అలర్జీ: రక్తపరీక్షలో పాజిటివ్ వచ్చినవన్నీ మాన్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయికి ఆరేళ్లు. చిన్నప్పటి నుంచి ఎగ్జిమా ఉంది. రెండు నెలల క్రితం నువ్వుల ముద్ద రాసిన రొట్టె తిన్న పావుగంటకే పెదవులు వాచాయి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, వెంటవెంటనే వాంతులయ్యాయి. ఆసుపత్రిలో ఇంజెక్షన్ ఇచ్చాక తగ్గింది. అంతకుముందు నువ్వులు చల్లిన బిస్కెట్లు తిన్నప్పుడు ఏమీ కాలేదు. తర్వాత చేయించిన రక్తపరీక్షలో నువ్వులకు 4.8, వేరుశనగకు 0.9, గోధుమకు 0.6, ఆవాలకు 0.45 వచ్చాయి. మొత్తం ఐజీఈ 860 అని ఉంది. వేరుశనగ, గోధుమ, ఆవాలు మూడూ పాప ఎప్పుడూ ఇబ్బంది లేకుండా తినేది. అయినా భయపడి మూడు వారాలుగా అన్నీ మాన్పించాం. 4.8 అంటే చాలా తీవ్రమైన అలర్జీయా? మిగిలినవి కూడా మానేయాల్సిందేనా? ఐజీజీ పరీక్ష కూడా చేయించమని ఒకరు చెప్పారు, చేయించాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ అమ్మాయికి నువ్వుల అలర్జీ ఉందని చెప్పడానికి ప్రధాన ఆధారం రిపోర్టులోని 4.8 కాదు, ఆ రొట్టె తిన్న పావుగంటలో జరిగిన సంఘటనే. తిన్న కొద్ది నిమిషాల్లో పెదవుల వాపు, దద్దుర్లు, వాంతులు ఒకదాని వెంట ఒకటి రావడం ఐజీఈ అనే యాంటీబాడీ (రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే ఒక ప్రొటీన్) వల్ల కలిగే ఆహార అలర్జీకి అచ్చంగా సరిపోతుంది. చర్మమూ, జీర్ణకోశమూ రెండూ ఒకేసారి స్పందించాయి కాబట్టి దానిని ప్రాణాపాయం కలిగించగల తీవ్ర అలర్జీ స్పందన, అంటే అనాఫిలాక్సిస్‌గానే లెక్కించాలి. రక్తపరీక్ష ఆ అనుమానాన్ని బలపరిచింది, అంతే. వేరుశనగ, గోధుమ, ఆవాల విషయంలో అలాంటి సంఘటన ఒక్కటీ లేదు. ఉన్నవల్లా కాగితం మీది అంకెలే. అందుకే ఈ నాలుగింటినీ ఒకే గాటన కట్టడం సరికాదు.

ఆ అంకెలు ఎలా వస్తాయో తెలిస్తే ఈ తేడా మీకే స్పష్టమవుతుంది. పాప రక్తం నుంచి వేరుచేసిన సీరమ్‌ను, నువ్వుల నుంచి తీసిన ప్రొటీన్లను అంటించి ఉంచిన స్పాంజి లాంటి చిన్న పదార్థం మీద వేస్తారు. సీరమ్‌లో నువ్వుల ప్రొటీన్లను గుర్తుపట్టే ఐజీఈ యాంటీబాడీలు ఉంటే అవి వాటికి అతుక్కుంటాయి. మిగిలినదంతా కడిగేసి, ఐజీఈని పట్టుకునే మరో యాంటీబాడీని ఒక ఎంజైమ్ జతచేసి కలుపుతారు. ఆ ఎంజైమ్ వల్ల పుట్టే వెలుగు ఎంత ఉందో యంత్రం కొలిచి, లీటరుకు ఇన్ని కిలోయూనిట్లని చెబుతుంది. ఒకప్పుడు ఇదే పనిని రేడియోధార్మిక పదార్థంతో చేసేవారు కాబట్టి దీనిని ఇప్పటికీ కొందరు రాస్ట్ టెస్ట్ అంటుంటారు. ఈ ప్రక్రియ అంతటిలో పాప శరీరం ఏ ఆహారానికి ఎలా స్పందిస్తుందో చూసే దశ ఎక్కడా లేదన్నది గమనించండి. యాంటీబాడీ ఉందా, ఉంటే ఎంత ఉంది అన్నంత వరకే యంత్రానికి తెలుస్తుంది.

యాంటీబాడీ ఉండి కూడా ఆ ఆహారాన్ని హాయిగా తినగలిగేవారు ఎందరో ఉంటారు. ఈ స్థితిని సెన్సిటైజేషన్ అంటాం. తిన్నప్పుడు లక్షణాలు వస్తేనే దానిని అలర్జీ అంటాం. చాలా ల్యాబ్‌లు 0.35 దాటితే పాజిటివ్ అని రాస్తాయి. ఆ పైన 0.7, 3.5, 17.5, 50, 100 దగ్గర గీతలు గీసి 1 నుంచి 6 వరకు తరగతులుగా విభజిస్తాయి. ఆ లెక్కన మీ పాప రిపోర్టులో నువ్వులు 3వ తరగతిలోకి, వేరుశనగ 2వ తరగతిలోకి, గోధుమ, ఆవాలు 1వ తరగతిలోకి వస్తాయి. అయితే ఈ తరగతులు ల్యాబ్ సౌలభ్యం కోసం ఏర్పడినవే గాని జబ్బు తీవ్రతకు కొలమానం కావు. అలర్జీ అనుమానంతో వైద్యుల దగ్గరికి వచ్చిన పిల్లల మీద జరిపిన ఒక అధ్యయనం 2001లో వెలువడింది. వేరుశనగకు 14, పాలకు 15, గుడ్డుకు 7 కిలోయూనిట్లు దాటినప్పుడే నిజమైన అలర్జీ ఉండే అవకాశం నూటికి 95 వరకు ఉంటుందని అందులో తేలింది. ఆ 14 పక్కన మీ పాప వేరుశనగ 0.9ని పెట్టి చూడండి. నువ్వుల విషయంలో అందరూ అంగీకరించిన అలాంటి గీత లేదు. అందుకే అక్కడ జరిగిన సంఘటనకు ఇంకా ఎక్కువ విలువ ఇవ్వాల్సి ఉంటుంది.

మరి ఎప్పుడూ ఇబ్బంది పెట్టని వాటికి కూడా పాజిటివ్ ఎందుకు వచ్చిందని మీరు అడగవచ్చు. దానికి రెండు కారణాలు ఉండవచ్చు. మొదటిది ఎగ్జిమా. ఎగ్జిమా ఉన్న పిల్లల్లో మొత్తం ఐజీఈ సహజంగానే ఎక్కువగా ఉంటుంది. మీ పాపకు 860 రావడం కూడా అలాంటిదే. మొత్తం ఇంత ఎక్కువగా ఉన్నప్పుడు విడివిడి పరీక్షల్లో 0.4, 0.6, 0.9 లాంటి చిన్నచిన్న అంకెలు తేలికగా బయటపడతాయి. రెండోది, మొక్కల ప్రొటీన్ల మధ్య ఉండే పోలిక. మొలకెత్తే దశలో మొక్కకు ఆహారంగా పనికివచ్చేందుకు గింజ కొన్ని ప్రొటీన్లను నిల్వ చేసుకుంటుంది. నువ్వులు, వేరుశనగ, ఆవాలు, జీడిపప్పు లాంటి గింజలన్నిటిలోనూ ఇవి ఒకే కుటుంబాలకు చెందినవి కాబట్టి, ఒకదాని మీద తయారైన యాంటీబాడీ పరీక్ష గొట్టంలో మరొకదానికీ అతుక్కోవచ్చు. గడ్డి పుప్పొడికి స్పందించే వారి రక్తంలో గోధుమకు పాజిటివ్ రావడం కూడా మాకు తరచుగా కనిపించేదే.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది నువ్వుల 4.8 కాదు, మిగిలిన మూడింటినీ మాన్పించడం. హాయిగా తింటున్న ఆహారాన్ని ఒక అంకె చూసి ఆపేయడం జాగ్రత్తలా అనిపిస్తుంది గాని, ఎగ్జిమా ఉన్న పిల్లల్లో అదే హాని చేసే అవకాశం ఉంది. ఆహారం క్రమం తప్పకుండా కడుపులోకి వెళుతున్నంత కాలం శరీరం దానిని తనదిగా ఓర్చుకుంటూ ఉంటుంది. అది ఆగిపోయి, పగుళ్లున్న చర్మం మీద మాత్రం ఇంట్లోని ఆహారపు ధూళి పడుతూ ఉంటే ఆ ఓర్పు సడలిపోవచ్చు. చాలాకాలం మానేసి మళ్లీ తిన్నప్పుడు, అంతకుముందు ఏనాడూ లేని తీవ్రమైన స్పందన వచ్చిన పిల్లలు ఉన్నారు. తినడం వల్ల రక్షణ కలుగుతుందని 2015లో వెలువడిన లీప్ అధ్యయనం కూడా చూపింది: తీవ్రమైన ఎగ్జిమా లేదా గుడ్డు అలర్జీ ఉన్న పసివాళ్లకు వేరుశనగను తొలి ఏడాదిలోనే మొదలుపెట్టి క్రమం తప్పకుండా తినిపిస్తే, మాన్పించిన వాళ్లతో పోలిస్తే ఐదేళ్ల వయసుకు వేరుశనగ అలర్జీ దాదాపు 80 శాతం తగ్గింది. మీ పాప వయసు వేరు, సందర్భం వేరు. అయినా తినగలిగినదాన్ని ఆపవద్దన్న సూత్రం ఆమెకూ వర్తిస్తుంది. ఎదిగే పిల్లకు గోధుమ, వేరుశనగ రెండూ లేకపోతే పోషణ పరంగా జరిగే నష్టం సరేసరి. మూడు వారాలు పెద్ద వ్యవధి కాదు. అందువల్ల మరో పరీక్ష కోసం ఎదురుచూడకుండా ఈ వారంలోనే పాపను చూస్తున్న అలర్జీ నిపుణుడితో మాట్లాడి ఆ మూడింటినీ మళ్లీ మొదలుపెట్టండి. వాటిలో దేనినైనా ఇంతకుముందు మామూలు మోతాదులో తిన్నదో లేదో మీకు కచ్చితంగా గుర్తు లేకపోతే, దానిని మాత్రం వైద్యుల సమక్షంలోనే మొదటిసారి తినిపించాలి.

ఇక 4.8 అంటే తీవ్రమైన అలర్జీయా అన్న ప్రశ్న. ఈ అంకె అలర్జీ ఉండే అవకాశం ఎంతో సూచిస్తుంది గాని, మళ్లీ తిన్నప్పుడు స్పందన ఎంత తీవ్రంగా ఉంటుందో చెప్పదు. 1 దాటని పిల్లలకు అనాఫిలాక్సిస్ రావడమూ ఉంది, అంకె బాగా ఎక్కువగా ఉన్నవారికి కొద్దిపాటి దద్దుర్లతో సరిపోవడమూ ఉంది. ఎంత తిన్నది, ఆ సమయంలో జ్వరం ఉందా, తిన్న వెంటనే పరుగులు పెట్టిందా, అన్నిటికంటే ముఖ్యంగా ఆస్తమా ఉండి అదుపులో లేకపోయిందా అన్న వాటి మీద తీవ్రత ఆధారపడుతుంది. పాపకు రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు వస్తుంటే ఆ విషయం తప్పకుండా వైద్యులకు చెప్పండి.

నువ్వులు చల్లిన బిస్కెట్లు తిన్నప్పుడు ఏమీ కాలేదన్న మీ మాట కూడా ముఖ్యమైనదే. గట్టి పొట్టు ఉన్న చిన్న గింజ నమలకుండా మింగితే చాలాసార్లు చెక్కుచెదరకుండానే బయటికి పోతుంది, లోపలి ప్రొటీన్ శరీరానికి అందదు. అదే గింజలను ముద్దగా నూరితే ప్రొటీన్ మొత్తం బయటపడుతుంది, పైగా ఒక చెంచా ముద్దలో వందల గింజలు ఉంటాయి. కాబట్టి గింజలు పడ్డాయని ముద్ద పడుతుందనుకోకూడదు, గింజలు మాత్రం ఇవ్వవచ్చనీ అనుకోకూడదు.

నువ్వుల రక్తపరీక్షకు మరో పరిమితి కూడా ఉంది. నువ్వులలో అలర్జీ కలిగించే ప్రొటీన్లలో ఒలియోసిన్లు అనేవి నూనె బిందువుల చుట్టూ ఉంటాయి. నీటి ఆధారంగా తయారుచేసే పరీక్షా ద్రావణాల్లోకి అవి సరిగా దిగవు. అందువల్ల అలర్జీ స్పష్టంగా ఉన్న కొందరికి కూడా రక్తపరీక్షలో, చర్మపరీక్షలో నెగెటివ్ రావచ్చు. నువ్వులు తిని తీవ్రంగా ఇబ్బంది పడినవారు ఒక్క నెగెటివ్ రిపోర్టు చూసుకుని ధైర్యంగా మళ్లీ తినకూడదని ఇతర పాఠకులకు కూడా గట్టిగా చెబుతున్నాను. గింజ మొత్తానికి కాకుండా అందులోని ఒక్కో ప్రొటీన్‌కు విడిగా చేసే కాంపొనెంట్ పరీక్షలు కూడా ఇప్పుడున్నాయి. నువ్వులకు సంబంధించి సెస్ ఐ 1 అనే ప్రొటీన్ పరీక్ష, నిజమైన అలర్జీని ఉత్త సెన్సిటైజేషన్ నుంచి వేరుచేయడంలో మామూలు పరీక్ష కంటే మెరుగ్గా పనిచేస్తుంది. మీ పాపకు జరిగిన సంఘటన అంత స్పష్టంగా ఉన్నప్పుడు ఇప్పటికిప్పుడు దాని అవసరం నాకు కనిపించడం లేదు.

రక్తపరీక్షకు పరగడుపున వెళ్లనక్కరలేదు, దురద తగ్గడానికి వాడే యాంటీహిస్టమిన్ మాత్రలు ఆపనక్కరలేదు. చర్మం మీద చిన్నగా గుచ్చి చూసే స్కిన్ ప్రిక్ టెస్ట్‌కైతే ఆ మాత్రలను కొన్ని రోజుల ముందే ఆపాలి. ఎగ్జిమా ఒళ్లంతా ఉన్న పిల్లల్లో పరీక్ష చేయడానికి బాగున్న చర్మం దొరకడమే కష్టమవుతుంది. రెండింటితోనూ సందేహం తీరనప్పుడు అసలైన తీర్పు ఇచ్చేది ఓరల్ ఫుడ్ ఛాలెంజ్, అంటే అత్యవసర చికిత్స సిద్ధంగా ఉన్న చోట అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి అంచెలంచెలుగా తినిపించి చూసే పరీక్ష. దీనిని ఇంట్లో ఎవరూ ఎన్నడూ చేయకూడదు.

ఐజీజీ పరీక్ష చేయించవద్దు. ఐజీజీ, ఐజీజీ4 యాంటీబాడీలు మనం తినే ఆహారాలకు మామూలుగానే తయారవుతాయి. అవి అలర్జీకి గుర్తు కావు. ఆహార అలర్జీ నిర్ధారణకు వీటిని వాడవద్దని యూరప్ అలర్జీ నిపుణుల సంఘం 2008లోనే స్పష్టంగా చెప్పింది. ఆ రిపోర్టు వస్తే మీరు మాన్పించాల్సిన జాబితాలోకి మరిన్ని ఆహారాలు చేరడం తప్ప ప్రయోజనం ఉండదు.

ప్రస్తుతానికి నువ్వులను మాత్రం పూర్తిగా మానాలి. గింజలు, ముద్ద, పొడితో పాటు గానుగ నూనె కూడా ఇందులోకి వస్తుంది, ఎందుకంటే శుద్ధి చేయని నూనెలో ప్రొటీన్ మిగిలి ఉంటుంది. ప్యాకెట్ల మీద నువ్వుల పేరు తప్పనిసరిగా రాయాలన్న నియమం అన్ని దేశాల్లో ఒకేలా లేదు. యూరప్‌లో అది ఎప్పటినుంచో ఉంది. అమెరికాలో 2023 జనవరి 1 నుంచే అమల్లోకి వచ్చింది. అందుకే మసాలా దినుసులు, గింజల మిశ్రమం అని మాత్రమే రాసి ఉన్న ప్యాకెట్లను పక్కన పెట్టడం మంచిది.

ఆసుపత్రిలో ఇచ్చిన ఇంజెక్షన్ ఏమిటో డిశ్చార్జి కాగితంలో చూడండి. అది అడ్రినలిన్ కాకపోతే, ఇలాంటి సంఘటన మళ్లీ జరిగినప్పుడు మొదట ఇవ్వాల్సినది అడ్రినలినేనని గుర్తుంచుకోండి. యాంటీహిస్టమిన్లు, స్టెరాయిడ్లు దాని స్థానాన్ని భర్తీ చేయలేవు. కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము చొప్పున, తొడ బయటివైపు మధ్య భాగంలో కండరంలోకి ఇవ్వాలి; 5 నుంచి 15 నిమిషాల్లో తగ్గకపోతే మళ్లీ ఇవ్వవచ్చు. పాపను పడుకోబెట్టి కాళ్లు కొంచెం ఎత్తులో ఉంచాలి. ఆయాసపడుతుంటే కూర్చోనివ్వవచ్చు గాని లేచి నడవనివ్వకూడదు, తగ్గినట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఆమె బరువుకు తగిన మోతాదును మీ వైద్యుల చేత రాయించుకుని, ఇంజెక్షన్‌ను ఎలా ఇవ్వాలో మీరూ, బడిలో టీచర్లూ ముందే నేర్చుకుని ఉండాలి.

నువ్వుల అలర్జీ వయసుతో పాటు తగ్గిపోయేది సుమారు నలుగురైదుగురు పిల్లల్లో ఒకరికే. అయినా ఆ ఒక్కరు మీ పాప కావచ్చు కాబట్టి ఏడాదికోసారి నువ్వులకు మాత్రమే పరీక్ష చేయిస్తే చాలు. డజన్ల కొద్దీ ఆహారాల ప్యానెల్ మళ్లీ చేయించవద్దు. వేర్వేరు కంపెనీల యంత్రాలు ఇచ్చే అంకెలు ఒకదానితో ఒకటి పోల్చదగినవి కావు కనుక ప్రతిసారీ అదే ల్యాబ్‌లో, అదే పద్ధతిలో చేయించి, పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా దాచండి. అంకె వరుసగా తగ్గుతూ వస్తే, ఛాలెంజ్ పరీక్ష ఎప్పుడు చేయవచ్చో మీ నిపుణుడు వాటిని చూసి నిర్ణయిస్తారు.