మెదడు పరిశోధనకి విమానమెక్కే బరంపురం పిల్లలకి

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి నాకొచ్చే ప్రశ్నలు ఒకప్పుడు ఇల్లు ఎలా దొరుకుతుంది, సోనా మసూరి ఎక్కడ అమ్ముతారు అన్నట్టుండేవి. ఈమధ్య న్యూరోసైన్స్, అంటే మెదడు, నరాల శాస్త్రం చదువుతున్న పిల్లలు రాస్తున్నారు. నేను జర్మనీలో మైక్రోస్కోపుల ల్యాబులో పనిచేస్తూ ఇక్కడే స్థిరపడ్డదాన్ని. అందుకని జర్మనీ సంగతులు కాస్త ఎక్కువ చెబుతాను, అమెరికా సంగతులు అవసరమైనంతవరకే. వచ్చిన ప్రశ్నల్లో నలుగురికీ పనికొచ్చేవి ఏరి జవాబిస్తున్నాను.

ప్రశ్న: అక్కా, మాది బరంపురం. ఇక్కడి యూనివర్సిటీలోనే ఎమ్మెస్సీ చేశాను. అక్టోబరు నుంచి జర్మనీలో న్యూరోసైన్స్ మాస్టర్స్‌కి సీటొచ్చింది. ఫెలోషిప్పులు, సమ్మర్ స్కూళ్లు, ట్రావెల్ గ్రాంట్లు అందరికీ ముందే తెలుస్తాయి. నాకు మాత్రం గడువు అయిపోయాక తెలుస్తుంది. నేను ఎక్కడ వెతకాలి?

జవాబు: ఇందులో నీ లోపమేమీ లేదు తమ్ముడూ. ఈ రంగంలో అవకాశాల్ని ఎవరూ దాచరు, అలాగని ఇంటికి తెచ్చీ ఇవ్వరు. పెద్ద ల్యాబులో ఉన్నవాడికి టీ తాగే దగ్గర పక్కనున్న పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక పరిశోధన చేసేవాడు) "ఆ కోర్సుకి అప్లై చేశావా, వచ్చే వారమే ఆఖరు" అని చెబుతాడు. మన బరంపురం యూనివర్సిటీ ఉన్న భంజ విహార్‌లో చదివినవాడికి ఆ మాట చెప్పేవాళ్లు లేరు. చెప్పేవాళ్లున్న చోటికి చేరడమే నువ్వు చేయాల్సిన మొదటి పని.

దానికి దగ్గరి దారి సంఘాల్లో సభ్యత్వం. జర్మన్ న్యూరోసైన్స్ సొసైటీలో విద్యార్థిగా చేరితే యూరప్ న్యూరోసైన్స్ సంఘాల సమాఖ్య ఫెన్స్ (FENS)లోనూ సభ్యుడివైనట్టే, వేరే చందా అక్కర్లేదు. ఫెన్స్ మహాసభ సరి సంవత్సరాల్లో జరుగుతుంది: 2022లో పారిస్, 2024లో వియన్నా, 2026కి బార్సిలోనా. బేసి సంవత్సరాల్లో మార్చి నెలలో జర్మన్ సంఘం వాళ్ల గొట్టింగెన్ మీటింగ్ ఉంటుంది. 1961లో పుట్టిన ఐబ్రో (IBRO) మెదడు పరిశోధనకి ప్రపంచవ్యాప్త సంస్థ. నాలుగేళ్లకోసారి మహాసభ పెడుతుంది. 2023లో గ్రనడాలో పెట్టారు, తర్వాతిది 2027లో కేప్‌టౌన్‌లో. మనలాంటి దేశాల నుంచి వచ్చిన కుర్రవాళ్లకి ఐబ్రో ఇచ్చే గ్రాంట్ల సంగతి చాలామందికి తెలియదు. అమెరికాలో 1969 నుంచి ఉన్న సొసైటీ ఫర్ న్యూరోసైన్స్ ఏటా శీతాకాలానికి ముందు పెట్టే సభ అన్నిటికన్నా పెద్దది.

అంత పెద్ద సభకి మొదటి ఏడాదే సొంత డబ్బు పెట్టుకుని పరిగెత్తమని నేను చెప్పను. పరిశోధన ఫలితాలు అతికించిన వేలకొద్దీ పోస్టర్ల మధ్య తిరిగి తిరిగి కాళ్లు నొప్పులతో ఇంటికొస్తావు, అంతే. చిన్న సభకి వెళ్లు. గొట్టింగెన్ మీటింగ్ లాంటిదైనా సరే, లెక్కల వైపు మొగ్గు ఉంటే బెర్న్‌స్టైన్ కాన్ఫరెన్స్ అయినా సరే. పోస్టర్ల సమయం ముగియడానికి కాసేపు ముందు జనం పలచబడతారు. మొదట్లో గుంపు మధ్య నుంచి గడగడా అప్పజెప్పిన పీహెచ్‌డీ విద్యార్థి అప్పటికి గొంతెండిపోయి, పోస్టర్ పక్కన నేలమీద పెట్టుకున్న నీళ్ల సీసా తీసి తాగుతుంటాడు. అప్పుడు వెళ్లి "ఈ గ్రాఫ్‌లో ఆఖరి చుక్క ఎందుకు కిందకి పడింది?" అని అడుగు. పది నిమిషాలు మాట్లాడతాడు. వాళ్ల ల్యాబులో వచ్చే ఏడాది ఖాళీ ఉందా, ప్రొఫెసరు మంచివాడేనా అన్న కబుర్లన్నీ ఆ పది నిమిషాల్లో వచ్చేస్తాయి.

గ్రాంట్ల విషయంలో కొత్తవాళ్లకి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ట్రావెల్ గ్రాంట్ వచ్చిందంటే చాలాచోట్ల డబ్బు ముందు చేతికి రాదు. టికెట్, హోటల్ నువ్వే కట్టి, తిరిగొచ్చాక బిల్లులు పెడితే వారాల తర్వాత ఖాతాలో పడుతుంది. బోర్డింగ్ పాస్‌తో సహా అన్నీ దాచు. చేతిలో అంత లేకపోతే ముందే డిపార్ట్‌మెంట్ సెక్రటరీని అడుగు, అడ్వాన్స్ ఇప్పించే దారి ఉంటే ఆవిడకే తెలుస్తుంది. గ్రాంట్ గడువు రిజిస్ట్రేషన్ గడువుకన్నా నెలల ముందే ముగుస్తుందని కూడా గుర్తుపెట్టుకో. సభ అమెరికాలో అయితే వీసా అపాయింట్‌మెంట్‌కే నెలలు పట్టొచ్చు.

వచ్చే ముందు కాగితాల సంగతి క్లుప్తంగా. 2022 నవంబరు నుంచి భారత విద్యార్థులకి జర్మనీ చదువు వీసాకి ఏపీఎస్ (APS) సర్టిఫికెట్, అంటే మన చదువు సర్టిఫికెట్లు అసలైనవేనని పరిశీలించి ఇచ్చే కాగితం, తప్పనిసరి. స్కాలర్‌షిప్ లేకపోతే బ్లాక్డ్ ఖాతాలో (నెలకింత అని మాత్రమే తీసుకోనిచ్చే బ్యాంకు ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. ఇది 2024 సెప్టెంబరు నుంచి ఉన్న లెక్క, కట్టేముందు ఇంకోసారి సరిచూసుకో. ఒడిశా చిరునామా ఉన్నవాళ్లం కోల్‌కతా కాన్సులేట్ పరిధిలోకి వస్తాం. విశాఖ కన్సల్టెన్సీ వాళ్లు ఆంధ్రావాళ్లకి చెప్పే దారి మనకి వర్తించదు.

పేరు సంగతి మాత్రం కొంచెం ఆగి చూసుకో. మన వైపు టెన్త్ సర్టిఫికెట్‌లో పేరు ఒడియా పలుకుబడిలో ఒకలా, ఆధార్‌లో మనింట్లో పిలిచేట్టు ఇంకోలా ఉండటం మామూలే. వెంకట కాస్తా బెంకట అవుతుంది, ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. వీసాకి పాస్‌పోర్టులో ఉన్నదే ఖరారు. పరిశోధనలో ఇంకో చిక్కుంది: మొదటి పేపర్ మీద ఏ పేరు పడితే జీవితాంతం నిన్ను ఆ పేరుతోనే వెతుకుతారు. పేపర్ వచ్చేలోపే ఒక రూపం ఖాయం చేసుకుని ఆర్కిడ్ (ORCID) నంబర్ తీసుకో, అది పరిశోధకుల్ని ఒక్కొక్కరినీ విడిగా గుర్తించే నంబర్. ఉచితం, కాసేపట్లో అయిపోతుంది.

ఇంకొకటి. మాస్టర్స్ అయ్యాక పీహెచ్‌డీకి రెండు రకాలుగా డబ్బిస్తారు, స్టైపెండ్, లేదా ఉద్యోగ కాంట్రాక్టు. కాంట్రాక్టులో తరచుగా అక్కడి ప్రభుత్వ జీతాల పట్టికలోని E13 స్కేలులో 65 శాతం అలా ఇస్తారు. చేతికొచ్చేది చూసి స్టైపెండే బాగుందనుకునేవాళ్లున్నారు. కానీ కాంట్రాక్టులో పెన్షన్, నిరుద్యోగ బీమా చందాలు కూడా నీ పేరు మీద కడతారు. రేపు స్థిర నివాసం అడిగితే ఆ పెన్షన్ చందా కట్టిన నెలలే లెక్కకొస్తాయి. రెండూ ఎదురుగా ఉంటే కాంట్రాక్టు తీసుకో. ఈ మాట మీద నాకు రెండో అభిప్రాయం లేదు.

ప్రశ్న: అక్కా, నేను పర్లాకిమిడిలో ఉంటాను, బీఎస్సీ ఆఖరి ఏడాది. మా కాలేజీలో న్యూరోసైన్స్ అన్న పేపరే లేదు. బయటి దేశం ప్రొఫెసర్లకి చాలామందికి మెయిల్ పెట్టాను, ఒక్కరూ పలకలేదు. ఎలుకల మీద ప్రయోగాలంటే అమ్మ ఒప్పుకోవడం లేదు. నాకు దారి ఉందా?

జవాబు: ఉంది తల్లీ, అదీ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మొదలుపెట్టే దారి. న్యూరోమ్యాచ్ అకాడమీ అని 2020లో కోవిడ్ టైమ్‌లో మొదలైంది. జూలైలో మూడు వారాలపాటు ఆన్‌లైన్‌లో కంప్యుటేషనల్ న్యూరోసైన్స్, అంటే లెక్కలతో, కంప్యూటర్‌తో మెదడుని చదవడం నేర్పుతారు. చిన్న చిన్న జట్లుగా కూర్చోబెట్టి రోజూ కోడ్ రాయిస్తారు. ఫీజు మన దేశం ఆదాయాన్ని బట్టి తగ్గిస్తారు, అదీ కట్టలేనివాళ్లు మాఫీ అడగొచ్చు. పాఠాలు మొత్తం ఎప్పుడూ తెరిచే ఉంటాయి, కాబట్టి సీటు రాకపోయినా చదువుకోవచ్చు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కొంచెం రావాలి, ఈ చలికాలం దానికి పెట్టు. ఆ తర్వాత అమెరికాలోని అలెన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు అందరికీ తెరిచి ఉంచిన ఎలుక మెదడు రికార్డింగులు దించుకుని ఒక చిన్న ప్రశ్న మీద పనిచెయ్యి. అమ్మకి చెప్పు, ఆ ఎలుకల్ని నువ్వు ముట్టుకోనక్కర్లేదు. (ముట్టుకునే ల్యాబుకే వెళ్తే యూరప్‌లో ముందుగా జంతు ప్రయోగాల కోర్సు పాసవ్వాలి, ఎవరికి పడితే వాళ్లకి అనుమతి ఇవ్వరు. చేయలేను అనిపిస్తే ఆ మాట ఇంటర్వ్యూలోనే చెప్పడం మర్యాద. మనుషుల ఎమ్మారై మీద, ఈఈజీ (తలమీంచి మెదడు తరంగాలు కొలిచే పరీక్ష) మీద నడిచే ల్యాబులు బోలెడున్నాయి.)

ఇంటి పక్కన ఉన్నదాన్నీ చూడు. విశాఖ, హైదరాబాద్ అంటాం గానీ బరంపురం దగ్గర లౌడిగాంలో కేంద్రం నడిపే సైన్స్ సంస్థ ఐసర్ (IISER) ఉంది, 2016లో మొదలైంది. అక్కడ జీవశాస్త్రం వాళ్లని వేసవి ప్రాజెక్టుకి అడగడానికి వీసా అక్కర్లేదు, బస్సు చాలు. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఒకటుంది. దాంతో బెంగళూరు, హైదరాబాద్, మానేసర్ లాంటి చోట్ల రెండు నెలలు పనిచేయొచ్చు. విదేశం ప్రొఫెసరు నీ దరఖాస్తులో మొదట చూసేది ఈ రెండు నెలలు ఎవరి దగ్గర పనిచేశావన్నదే.

ఇక మెయిల్. నువ్వు పంపించిన నమూనా చదివాను. "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ ఎ హార్డ్ వర్కింగ్ స్టూడెంట్, కైండ్లీ గివ్ మీ వన్ ఛాన్స్ ఇన్ యువర్ ఎస్టీమ్డ్ ల్యాబొరేటరీ." ఇది ఎవరికైనా పంపొచ్చు, అందుకే ఎవరూ పలకరు. పైగా నువ్వు పంపినవాళ్లలో ఇద్దరు సర్లు కారు, మేడమ్‌లు. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు సారాంశం ఇలా ఉండాలి: "మీ పేపర్లో మూడో బొమ్మలో, నిద్ర లేకుండా ఉంచిన ఎలుకల్లో రెండో రోజు స్పందన తగ్గింది. అది అలసట వల్లనా, ఎలక్ట్రోడ్ జరగడం వల్లనా అన్నది ఎలా తేల్చారు? నేను ఇలాంటి ప్రశ్ననే అలెన్ డేటాలో చూశాను, కోడ్ ఇక్కడ ఉంది. వచ్చే వేసవిలో రెండు నెలలు మీ దగ్గర పనిచేసే వీలుందా? ఖర్చులకి ఫలానా ఫెలోషిప్‌కి దరఖాస్తు పెడుతున్నాను." అంతకన్నా పొడవు వద్దు. మార్కుల జాబితా జతచేస్తే చాలు, మెయిల్‌లో వర్ణించొద్దు. పది రోజులు ఆగి ఒక్కసారి గుర్తుచెయ్యి. అప్పటికీ పలకకపోతే ఆ ల్యాబులోని పీహెచ్‌డీ విద్యార్థికి రాయి. వాళ్లకి ఇన్‌బాక్స్ ఖాళీగా ఉంటుంది, మనలాంటి వాళ్ల మీద జాలీ ఉంటుంది.

నీకే ఎవరైనా "డియర్ ఎమినెంట్ స్పీకర్" అని రాసి, దుబాయిలోనో బ్యాంకాక్‌లోనో న్యూరోసైన్స్ కాన్ఫరెన్స్‌కి ముఖ్య వక్తగా పిలిస్తే మాత్రం చెరిపెయ్యి. బీఎస్సీ పిల్లని ముఖ్య వక్తగా పిలిచేవాళ్లకి కావలసింది రిజిస్ట్రేషన్ ఫీజే. పీహెచ్‌డీ సీటు ఇప్పిస్తామని డబ్బడిగే ఏజెంట్లదీ అదే దందా. అమెరికాలో న్యూరోసైన్స్ పీహెచ్‌డీకి మామూలుగా వాళ్లే ఫీజు కట్టి స్టైపెండ్ ఇస్తారు. ఎదురు డబ్బు అడుగుతున్నారంటే ఏదో తేడా ఉంది. గడువులు ఎక్కువగా డిసెంబరు మొదట్లో ఉంటాయి. జపాన్‌లో ఒకినావాలో ఉన్న ఓఐఎస్‌టీ (OIST) పరిశోధన విశ్వవిద్యాలయం కూడా పీహెచ్‌డీ విద్యార్థులందరినీ తన ఖర్చు మీదే చదివిస్తుంది.

స్కాలర్‌షిప్పుల్లో ఒక మెలిక. ఆంధ్రా, తెలంగాణ ప్రభుత్వాలిచ్చే విదేశీ విద్య సాయం ఆ రాష్ట్రాల స్థానికులకే. తెలుగు మాట్లాడినంత మాత్రాన మనకి రాదు. ఎస్సీ వర్గాలు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాల పిల్లలకి కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కి ఏ రాష్ట్రమైనా ఒకటే. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు. మీ వీధిలో అర్హులెవరైనా ఉంటే వాళ్లకీ చెప్పు.

ప్రశ్న: మేడమ్, నేను బరంపురంలో ఎంబీబీఎస్ చేశాను. మావారు అమెరికాలో పోస్ట్‌డాక్, నేను డిపెండెంట్ వీసా మీద వచ్చాను. ఖాళీగా కూర్చోలేక ఒక న్యూరాలజీ ల్యాబులో జీతం లేకుండా పనిచేద్దామనుకుంటున్నాను. పర్వాలేదా?

జవాబు: డాక్టరమ్మా, ముందు వీసా ఏదో చూడండి. మీవారిది జె1 (ఎక్స్ఛేంజ్ విజిటర్ వీసా), మీది జె2 అయితే పని అనుమతి కార్డుకి దరఖాస్తు చేసుకోండి, అది వచ్చాక జీతానికే చేరొచ్చు. విద్యార్థి వీసావాళ్ల భార్యాభర్తలకిచ్చే ఎఫ్2 మీద ఉద్యోగం కుదరదు. హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే హెచ్4 అయితే మీవారి గ్రీన్‌కార్డు దారిలో ఐ140 అనే అర్జీకి ఆమోదం పడ్డాకే మామూలుగా కార్డిస్తారు. ఇతరులకి జీతమిచ్చి చేయించే పనిని మీరు ఊరికే చేస్తే, అది కూడా అనుమతిలేని ఉద్యోగం కింద లెక్కపడే ప్రమాదముంది. యూనివర్సిటీ అంతర్జాతీయ కార్యాలయం నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకోకుండా ల్యాబులో అడుగుపెట్టొద్దు. సెమినార్లు వినడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు, హాయిగా వెళ్లండి.

మీవారికి పనికొచ్చే కబురు కూడా ఉంది. జె1 వాళ్లు రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న నిబంధన, ఏ దేశానికి ఏ నైపుణ్యాలు అవసరమో అమెరికా రాసిపెట్టిన జాబితా వల్ల మనవాళ్లకి చాలామందికి పడేది. 2024 డిసెంబరులో ఆ జాబితా నుంచి భారత్‌ని తీసేశారు. ప్రభుత్వ నిధులతో వెళ్లినవాళ్లకి మాత్రం షరతు వేరు, అది అలాగే ఉంది. అలాగే అమెరికా ఆరోగ్య పరిశోధనకి డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్ఐహెచ్ వాళ్ల ఎఫ్31, ఎఫ్32 లాంటి ఫెలోషిప్పులు అక్కడి పౌరులకీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. పోస్ట్‌డాక్‌లకి ఎన్ఐహెచ్ ఇచ్చే కే99 గ్రాంటుకి ఆ పట్టింపు లేదు, కానీ పోస్ట్‌డాక్ అనుభవం నాలుగేళ్లు దాటితే అర్హత పోతుంది. చాలామంది ఐదో ఏట మేల్కొంటారు.

ప్రశ్న: అన్నీ చదివి మళ్లీ మన వైపు వచ్చేయాలంటే?

జవాబు: రాయగడ నుంచి వచ్చిన ఈ ప్రశ్నకి జవాబు చిన్నదే. బయోటెక్నాలజీ శాఖ ఇచ్చే రామలింగస్వామి రీ-ఎంట్రీ ఫెలోషిప్ విదేశాల్లో ఉన్న మనవాళ్లని వెనక్కి రప్పించడానికే పెట్టింది. హైదరాబాద్ కేంద్రంగా ఆరోగ్య, జీవశాస్త్ర పరిశోధనకి డబ్బిచ్చే ఇండియా అలయన్స్ ఫెలోషిప్పులూ చూడు. రెండిటికీ భారత్‌లో ఒక సంస్థ నిన్ను చేర్చుకుంటామని రాసివ్వాలి. కాబట్టి సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు పెళ్లిళ్లకే కాకుండా ఒకటి రెండు సంస్థలకి వెళ్లి సెమినార్ ఇవ్వు. పరిచయాల పని అప్పటి నుంచే మొదలవ్వాలి, ఆఖరి ఏడాది మొదలుపెడితే సరిపోదు.

గడువుల గురించి ఒక మాట మిగిలింది. దరఖాస్తులో "ఎనీవేర్ ఆన్ ఎర్త్" అని ఉంటే, ఆ తేదీ దాటాక మన గడియారంలో మర్నాడు సాయంత్రం 5:30 వరకూ టైముంటుంది. జర్మనీతో ఇంటర్వ్యూ అయితే మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబరు ఆఖరి ఆదివారం వాళ్ల గడియారం మారుతుంది. వేసవిలో మనకీ వాళ్లకీ మూడున్నర గంటల తేడా, చలికాలంలో నాలుగున్నర. ఆ వారాల్లో ఇంటర్వ్యూ పడితే రెండు దేశాల టైమూ మెయిల్‌లో రాసి ఖాయం చేసుకోండి. కరెంటు పోయే ఊరైతే ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా పెట్టుకోండి.