సాసేజ్ హోటల్ మీద రాసేటప్పుడు

చిరంజీవి అమ్మాయికి,

స్లొవేనియా రాజధాని లుబ్ల్యానా పాత పట్నంలోని క్లొబాసార్నా అనే సాసేజ్ హోటల్ మీద నువ్వు పంపిన చిత్తుప్రతి చదివాను. ‘అద్భుతం’ అనే మాట పదేపదే వచ్చింది, సాసేజ్‌కి గుచ్చే పుడక మాత్రం ఒక్కసారీ కనబడలేదు. తిండి మీద రాసేవాళ్లు ముందు నాలుకను పక్కనపెట్టి కంటికి పని చెప్పాలి. రుచి గురించి నువ్వు చెప్పేది పాఠకుడు నమ్మాలంటే ఆ వస్తువు ఎలా తయారైందో ముందు తెలియాలి.

అక్కడ పెట్టే సాసేజ్ పేరు క్రాన్‌స్కా క్లొబాసా, అది జతగా వస్తుంది. పంది చిన్నపేగులో మాంసం కూరి, రెండు కొసలనూ ఒక చెక్కపుడకతో గుచ్చి కలుపుతారు. ఒక్కోటి 12 నుంచి 16 సెంటీమీటర్ల పొడవు, జత బరువు సుమారు 200 గ్రాములు. అక్కడ ‘సగం’ అడిగితే జతలో ఒకటి ఇస్తారు. ఒక్కరే వెళ్లేవాళ్లకి అది చాలు, రొట్టె కూడా ఉంటుంది కదా. ఈ ముక్క నీ వ్యాసంలో ఉంటే చదివినవాడు కౌంటర్ దగ్గర తడబడడు.

ఇక కోసిన ముఖం చూడు. ఎర్రటి మాంసం ముక్కలు, వాటి మధ్య తెల్లటి కొవ్వు పలుకులు విడివిడిగా కనబడాలి. తొడ, భుజం, మెడ మాంసం ముతకగా కొట్టి, గట్టి వీపుకొవ్వు కలుపుతారు. ఇలా కలిపే వీపుకొవ్వు 20 శాతం దాటకూడదు. ఉప్పు, వెల్లుల్లి, మిరియాలు తప్ప వేరే మసాలా పడదు. తర్వాత పొగ పెడతారు. లోపల అంతా మెత్తటి గులాబీ ముద్దలా ఉంటే అది వేరే రకం సాసేజ్. 2015లో యూరోపియన్ యూనియన్ ఈ పేరుకు భౌగోళిక గుర్తింపు ఇచ్చింది, కాబట్టి స్లొవేనియాలో కనబడిన ప్రతి సాసేజ్‌కీ ఈ పేరు తగిలించకు.

నీ చిత్తులో ‘మరిగించిన’ అని రాశావు, అది తప్పనిసరిగా మార్చాలి. నీళ్లు బాగా వేడెక్కాక, తెర్లకుండా మంట తగ్గించి, సాసేజ్‌ను అందులో ఉంచి వేడిచేస్తారు. తెర్లితే పేగు చిట్లుతుంది, కొవ్వూ రసమూ నీళ్లలోకి దిగిపోతాయి, పళ్లెంలోకి వచ్చేది పొడిబారిన మాంసం. ఫోర్కుతో ముందే పొడిచినా ఇదే గతి. సరిగ్గా వేడైనదాన్ని కొరికితే పైతొక్క టప్పున తెగి రసం వస్తుంది. ఆ శబ్దం రాయి, ‘జ్యూసీ’ అన్న మాటతో నీకిక పని ఉండదు.

పక్కన కైజర్ బన్ను, ఆవ ముద్ద, తురిమిన హార్స్‌రాడిష్ వేరు ఇస్తారు. ఈ వేరును వర్ణించడానికి తెలుగువాడికి పెద్ద కష్టం లేదు. ఆవకాయ కలిపేటప్పుడు ఆవపిండి ఘాటు ముక్కుకెక్కుతుందే, అలాగే ఎక్కుతుంది. నిజానికి రెండింటిలోనూ ఘాటు పుట్టించే పదార్థం ఒక్కటే. అందుకే నాలుక మీద మంట నిలవదు, ముక్కులోంచి దూసుకెళ్లి చప్పున తగ్గిపోతుంది. తురిమి చాలాసేపు అలా వదిలేస్తే ఘాటు చచ్చిపోతుంది. ఏ వేళకి వెళ్లావో, తురుము తాజాగా ఉందో లేదో గమనించి రాయి.

ఇది పంది మాంసమని మొదటి పేరాలోనే చెప్పు. నీ పాఠకుల్లో తినని వాళ్లు చాలామంది ఉంటారు, సగం చదివాక తెలియడం వాళ్లకి అన్యాయం. శాకాహారులకి ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. యోటా అనే సూప్‌లో చిక్కుడుగింజలు, బంగాళాదుంప, పులియబెట్టిన క్యాబేజీ గానీ టర్నిప్ గానీ ఉంటాయి. బార్లీతో చేసే రిచెట్ కూడా పప్పుపులుసులా అమాయకంగా కనబడుతుంది. రెండింటిలోనూ తరచు పొగపెట్టిన పంది మాంసం వేస్తారు. అడగకుండా తీసుకోవద్దని రాయి. జున్ను (చీజ్) కూరిన పిండిచుట్టలు, ష్ట్రుక్లీ అంటారు, దొరికితే వాళ్లకి అదే మేలు.

ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి నాక్లో ఊళ్లో బండి ఆపి ఈ సాసేజ్‌కి పేరు పెట్టాడన్న కథను నువ్వు చరిత్రగా రాసేశావు. ‘అని చెప్పుకుంటారు’ అని చేర్చు, కథ అందం ఏమీ తగ్గదు. దానికంటే మనవాళ్లకి దగ్గరైన సంగతి సునీతా విలియమ్స్‌ది. ఆమె తల్లి వైపు వాళ్లది స్లొవేనియా మూలం. అంతరిక్షంలోకి ఆమె తీసుకెళ్లిన సమోసాల గురించి మన పత్రికలు చాలా రాశాయి, ఈ సాసేజ్ కూడా వెంట వెళ్లిందని మనలో తెలిసినవాళ్లు తక్కువ. ఒక్క వాక్యంలో చెప్పి వదిలెయ్, వ్యాసాన్ని అటు లాక్కుపోకు.

ధర రాస్తే పక్కనే నెల, సంవత్సరం వెయ్యి. జత ధరా, సగం ధరా అన్నదీ స్పష్టంగా చెప్పు. ఈ మార్పులు చేసి మళ్లీ పంపు.

ఆశీస్సులతో.