సిరిమాను తిరిగేలోపు కవరు సముద్రం దాటాలి

ప్రశ్న: మాది విజయనగరం. బీడీఎస్ పూర్తయింది. అమెరికాలో ఎంపీహెచ్ (పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్) చేయాలని ఉంది. నేను అనుకున్న నాలుగు యూనివర్సిటీలకీ సోఫాస్ (పబ్లిక్ హెల్త్ కోర్సులకి ఉమ్మడి దరఖాస్తు వెబ్‌సైట్) ద్వారానే అప్లై చేయాలి, అన్నిటికీ డిసెంబర్ 1 ఆఖరు తేదీ. నవంబర్ 20 ప్రాంతంలో సబ్మిట్ చేస్తే సరిపోతుందా? ముందే పెడితే ఫీజులన్నీ ఇప్పుడే కట్టాలి కదా అని ఆగుతున్నాం.

జవాబు: సరిపోదు చెల్లీ.

మాది రాజాం. నేను అమెరికా బయల్దేరినప్పుడు అది శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి మీ విజయనగరం జిల్లా. అంటే ఇప్పుడు మనిద్దరిదీ ఒకటే జిల్లా. కాబట్టి నాలుగు మాటలు గట్టిగా అన్నా నువ్వు పడాలి.

ఫీజు దాచుకుందామని ఆగుతున్నాం అన్నావు. సరిగ్గా ఆ మాటే 2014లో మా ఇంట్లోనూ అనుకున్నాం. మా నాన్నది గోనెసంచుల కొట్టు. ఏ ఖర్చు చెప్పినా ఆయనకి సంచుల లెక్కలోనే అర్థమవుతుంది. 'సోఫాస్‌కి డబ్బు కట్టాలి నాన్నా' అంటే, 'చదువుకెళ్తూ సోఫాలెందుకే' అన్నారు. డాలరు అప్పట్లో అరవై రెండు రూపాయలు. ఇప్పుడు ఎనభై అయిదు దాటింది, కాబట్టి మీ నాన్నగారి బెంగ నాకు బాగానే అర్థమవుతుంది. అయినా చెబుతున్నా, ఈ వ్యవహారంలో ఆలస్యం కంటే ఖరీదైనది లేదు.

నేను చేసిన తప్పు ఇది. వెబ్‌సైట్‌లో తేదీ చూశాను, ఆ తేదీ పక్కన ఉన్న మాట చూడలేదు. ఒక్కో యూనివర్సిటీ ఒక్కో రకంగా రాస్తుంది. ఒకరికి ఆ తేదీలోపు సబ్మిట్ బటన్ నొక్కితే చాలు. ఇంకొకరికి మార్కుల కాగితాలు, సిఫార్సు ఉత్తరాలు అన్నీ చేరి 'కంప్లీట్' అని పడాలి. మరొకరికి సోఫాస్ వాళ్లు అన్నీ సరిచూసి 'వెరిఫైడ్' అని తేల్చాలి. ఆ సరిచూడటం మొదలయ్యేది మన కాగితాలన్నీ చేరాకే, దానికి నాలుగు వారాల దాకా పట్టొచ్చని వాళ్లే చెబుతారు. మన దేశపు మార్కులకైతే ముందు వెస్ వాళ్ల ఇవాల్యుయేషన్ కావాలి, అంటే మన మార్కుల్ని అమెరికా లెక్కలోకి మార్చి ఇచ్చే రిపోర్టు. దానికి మన యూనివర్సిటీ నుంచి ట్రాన్స్‌క్రిప్ట్‌లు, అంటే అధికారిక మార్కుల పత్రాలు, వెళ్లాలి. ఒకదాని వెనక ఒకటి, గూడ్సు బండి పెట్టెల్లాగ. ఎవరికి ఏ మాట వర్తిస్తుందో ఆయా ప్రోగ్రామ్ పేజీలో ఉంటుంది, నువ్వే చూసుకో. సోఫాస్ లాంటివే ఫిజియోథెరపీ వాళ్ల పీటీకాస్, పీఏ (ఫిజీషియన్ అసిస్టెంట్) కోర్సు వాళ్ల కాస్పా కూడా ఇదే వరస.

నేను ఆగస్టులోనే అకౌంట్ తెరిచాను. తెరిచి, అదేదో సీటు వచ్చినట్టు ఊరంతా చెప్పుకున్నాను. ట్రాన్స్‌క్రిప్ట్‌లకి మాత్రం అప్లై చేయలేదు. ముందు యూనివర్సిటీలు ఖాయం చేసుకుందాం, డబ్బులు తర్వాత కట్టొచ్చు అనుకుంటూ సెప్టెంబర్ అంతా గడిపేశాను. అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ వచ్చింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, బస్సులు ఎప్పుడు తిరుగుతాయో తెలియదు. అది సర్దుకునేసరికి దీపావళి. నా ట్రాన్స్‌క్రిప్ట్‌లు చేతికొచ్చింది నవంబర్ రెండో వారంలో.

చాలా ఏళ్లు ఈ కథని తుఫాను మీద తోసి చెప్పాను, విన్నవాళ్లంతా అయ్యో అనేవారు. నిజానికి తుఫాను తిన్నది మహా అయితే రెండు వారాలు. అంతకు ముందు రెండు నెలలు తిన్నది నేనే. పైగా మన తీరంలో అక్టోబర్ సంగతి కొత్తదా? ఫైలిన్ 2013 అక్టోబర్ 12న, హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న, తిత్లీ 2018 అక్టోబర్ 11న. మూడూ దాదాపు ఒకే తిథి పెట్టుకున్నట్టు వచ్చాయి. మనవాళ్లు అక్టోబర్‌లో ముఖ్యమైన పని పెట్టుకోకూడదు.

నవంబర్ 28న సబ్మిట్ చేశాను. అది కూడా అర్ధరాత్రి, మా ఇంట్లో ఎవరి కార్డూ డాలర్లలో కట్టడానికి పనిచేయక, హైదరాబాద్‌లో ఉన్న పెద్దనాన్న కొడుకుని నిద్ర లేపి ఓటీపీ చెప్పించుకుని. వెస్ రిపోర్టు డిసెంబర్ మధ్యలో చేరింది. నేను పెట్టిన అయిదింటిలో మూడు వెరిఫైడ్ అడిగేవే, అవి నా దరఖాస్తు తెరిచి కూడా చూడలేదు. కట్టిన ఫీజు తిరిగి రాదు. మిగతా రెండింటిలో ఒకరు వద్దన్నారు, ఒకరు సీటు ఇచ్చారు, స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. ఆ డబ్బు ముందు తేదీకి అన్నీ పూర్తిచేసిన వాళ్లకే పంచేశారట. రూపాయి సాయం లేకుండా ఆ ఫీజు కట్టడం మా వల్ల కాదు. పరీక్షలతో కలిపి నలభై వేల పైన పోయింది. నాన్న ఏమీ అనలేదు, కొట్టు పుస్తకం వెనక పేజీలో ఒక అంకె రాసుకున్నారు. అది ఎన్ని సంచులో నేను అడగలేదు.

ఏడాది పాటు శ్రీకాకుళంలో మందుల షాపులో నెలకి తొమ్మిది వేలకి పనిచేశాను. మళ్లీ సంవత్సరం అవే మార్కులు, అదే జీఆర్‌ఈ స్కోరు, సగం మార్చిన ఎస్ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నామో రాసే వ్యాసం). సెప్టెంబర్ ఆఖరుకల్లా అంతా పంపేశాను. మూడు చోట్ల సీటు వచ్చింది, ఒకచోట సగం ఫీజు మాఫీ, పైన అసిస్టెంట్‌షిప్ (చదువుతూ యూనివర్సిటీలోనే చేసే జీతం పని). 2016 ఆగస్టులో ఒహాయోలో దిగాను. ఇప్పుడు ఇక్కడ ఆస్పత్రి ఇన్ఫెక్షన్ల లెక్కలు చూసే ఉద్యోగం, ఇంటి లోను, మంచు తవ్వుకునే పార, అన్నీ నావే. తెలివి పెరిగి కాదు, తేదీ మారింది కాబట్టి.

అందుకని యూనివర్సిటీ వాళ్ల తేదీని నీ తేదీగా పెట్టుకోకు. వెనక నుంచి లెక్క కట్టు. డిసెంబర్ 1కి వెరిఫైడ్ కావాలంటే అక్టోబర్ ఆఖరుకి సోఫాస్ దగ్గర అన్నీ ఉండాలి. అంటే వెస్‌కి సెప్టెంబర్‌లోనే చేరాలి. నీకు ఇంకా తేలిగ్గా చెప్తాను. మీ ఊళ్లో పైడితల్లమ్మ సిరిమాను దసరా వెళ్లాక వచ్చే మంగళవారం తిరుగుతుంది కదా, ఆ లోపు నీ కవరు సముద్రం దాటి ఉండాలి. అది అక్టోబర్ ఆఖర్లో వచ్చిన ఏడాదైనా సెప్టెంబర్ లెక్క మాత్రం మార్చకు. దసరా సెలవుల్లో ఏ ఆఫీసులోనూ నీ ఫైలు కదలదు.

ఫీజుల భయం ఉంటే నాలుగింటిని రెండు చేసుకో, తేదీలు మాత్రం ఆలస్యం కానివ్వకు. ముందు పెట్టినందుకు ఎక్కువ కట్టేదేమీ లేదు, డాలరు పెరిగితే ఆలస్యానికే ఎక్కువ కడతావు. కొత్త కార్డుల్లో విదేశీ చెల్లింపు మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. మీ నాన్నగారి కార్డుకి అది ఆన్ చేయించి, లిమిట్ కూడా పెంచుకో.

అమెరికా ఈస్టర్న్ టైమ్‌లో రాత్రి 11:59 అంటే డిసెంబర్‌లో మనకి మర్నాడు పొద్దున 10:29. ఈ సంగతి తెలిసి సంతోషించకు. ఆ పొద్దున కరెంటు పోవడం నీకు రాసిపెట్టి ఉంటుంది.

సిఫార్సు ఉత్తరాల సంగతి కూడా. మా సారు ఒకాయన అభిమానంగా లెటర్‌హెడ్ మీద రాసి, కవర్‌కి సీలు కూడా వేసి నా చేతికిచ్చారు. ఆ కవరు ఇప్పటికీ రాజాంలో బీరువాలో ఉంది. సోఫాస్ ఆయన మెయిల్‌కే లింకు పంపుతుంది, ఆయనే అందులో పెట్టాలి. ఆ లింకు స్పామ్‌లో పడి మూడు వారాలు పడుకుంది. చివరికి ఆయన ఇంటికెళ్లి, కాఫీ తాగి, మెయిల్ నేను వెతికి చూపించి, రాసేటప్పుడు వరండాలో కూర్చున్నాను. పెద్దవాళ్లకి గుర్తుచేయడం అమర్యాద అనుకుంటావేమో, కాదు.

నీ బీడీఎస్ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీది అయితే ట్రాన్స్‌క్రిప్ట్‌ల పని విజయవాడలోనే. ఏం కాగితాలు, ఎంత ఫీజు అన్నది వాళ్ల వెబ్‌సైట్‌లో చూడు. స్వయంగా వెళ్లాల్సి వస్తే రాత్రి బండెక్కేముందు క్యాలెండర్‌లో రెండో శనివారం ఎప్పుడో చూసుకో. నేను మా యూనివర్సిటీకి వెళ్లినప్పుడు చూసుకోలేదు.