పాత జీపు బ్రేకుల గురించి మావయ్య ఉత్తరం

చి. శ్రీనుకి ఆశీస్సులు.

రెండుసార్లు తొక్కితేగానీ జీపు ఆగడం లేదనీ, ఆగేటప్పుడు ఎడమకి లాగుతోందనీ, మెకానిక్కు నాలుగు చక్రాలకీ బ్రేకు లైనర్లు, అంటే డ్రమ్ముకి ఒరుసుకుని అరిగే పట్టీలు, మార్చేద్దామంటున్నాడనీ రాశావు. అప్పుడే మార్చకు అల్లుడూ. నువ్వు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు. అసలు కారణం పట్టుకోకుండా లైనర్లు వేస్తే నెల తిరక్కుండా అవీ జిడ్డెక్కుతాయి.

ముందు బండి నిలబెట్టి పెడల్ తొక్కి చూడు. మొదటిసారి కిందికి పోయి, వెంటనే రెండోసారి తొక్కితే పైనే గట్టిగా నిలబడితే షూకీ (లైనర్ బిగించి ఉండే వంపు రేకు) డ్రమ్ముకీ (చక్రంతో తిరిగే ఇనుప గిన్నె) మధ్య సందు ఎక్కువైందన్నమాట, దానికి అడ్జస్ట్‌మెంటు చాలు. ఎన్నిసార్లు తొక్కినా స్పాంజిలా మెత్తగా ఉంటే లైన్లో గాలి ఉంది. తొక్కి పట్టుకున్నప్పుడు మెల్లగా కిందికి దిగిపోతూ, బయట ఎక్కడా తడి కనిపించకపోతే పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి తోసే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పు పోయింది. బయట తడి ఉంటే మాత్రం బండి కదపొద్దు. పాత జీపుల్లో నాలుగు చక్రాలకీ ఒకటే ఆయిల్ లైను. ఎక్కడ ఒక్కచోట కారినా నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. ఆయిల్ తగ్గినప్పుడల్లా పోసుకుంటూ తిరగడం మన మన్యం ఘాట్లలో పనికిరాదు.

ఇక ఎడమకి లాగడం. తప్పు ఎడమ చక్రంలోనే ఉందనుకోకు. కుడివైపు బ్రేకు పట్టకపోయినా బండి ఎడమకే లాగుతుంది. అందుకని ముందు చక్రాలు రెండూ విప్పి, పక్కపక్కన పోల్చి చూడు. జాకీ ఎత్తే ముందు మిగతా చక్రాలకి రాళ్లు పెట్టు. హ్యాండ్ బ్రేకుని నమ్మకు. ఈ మోడల్లో అది చక్రాల మీద కాదు, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక ఆక్సిల్స్‌కి శక్తి పంచే గేరు పెట్టె) వెనక, ప్రొపెల్లర్ షాఫ్టు మీద పనిచేస్తుంది. వెనక చక్రం ఒక్కటి గాల్లోకి లేచిందా, రెండు చక్రాల్నీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ వల్ల ఆ చక్రం ఉత్తినే తిరుగుతుంది, బండి జాకీ మీంచి జారిపోతుంది. ఇంకోమాట, కొన్ని పాత జీపులకి ఎడమవైపు నట్లు రివర్స్ థ్రెడ్డు. రాకపోతే నట్టు ఎక్కే స్టడ్డు కొన మీద ‘ఎల్’ అక్షరం ఉందేమో చూడు, బలవంతంగా విరగ్గొట్టకు.

డ్రమ్ము రాకపోతే షూల సందు సరిచేసే అడ్జస్టర్లు వెనక్కి తిప్పి షూలు దగ్గరికి చేర్చు. తీశాక లోపలి దుమ్ముని గాలి కొట్టి ఊదొద్దు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, నీళ్లతో కడుగు.

లోపల జిడ్డు కనిపిస్తే అదేమిటో తేల్చుకోవాలి. వేలికి రాసుకుని నీళ్లు పోయి. బ్రేక్ ఆయిల్ అయితే కడుక్కుపోతుంది, గేర్ ఆయిల్ అంటుకునే ఉంటుంది, పైగా గంధకం వాసన. బ్రేక్ ఆయిల్ అయితే, చక్రం లోపల షూల్ని తోసే వీల్ సిలిండర్ కారుతోంది. గేర్ ఆయిల్ అయితే ఆక్సిల్ (ఇరుసు) సీల్ పోయింది. సీల్ మార్చే ముందు ఆక్సిల్ హౌసింగు మీద, లోపలి గాలి పోయేందుకు ఉండే బ్రీదర్ చూడు. అది బురదతో పూడుకుపోతే లోపల వేడెక్కిన గాలికి దారి ఉండదు, ఆయిల్‌ని సీల్ పక్కనుంచి తోసేస్తుంది. వాగులో దిగి ఆక్సిల్ చల్లబడినప్పుడు అదే దారిన నీళ్లు లోపలికి లాక్కుంటుంది. చాలామంది సీల్ మీద సీల్ మారుస్తారు, బ్రీదర్ జోలికి మాత్రం పోరు.

జిడ్డు పీల్చిన లైనర్‌ని పెట్రోలుతో కడిగినా, కాల్చినా లాభం లేదు. వేడెక్కగానే ఆయిల్ మళ్లీ పైకొస్తుంది. రెండు పక్కలా మార్చాలి. రివెట్టు తలకీ లైనర్ పైభాగానికీ మధ్య 0.8 మిల్లీమీటర్లు కూడా లేకపోతే అప్పుడూ మార్చాల్సిందే. పొడవు లైనర్ ఉన్న షూ బండి ముందువైపుకి రావాలి, తారుమారు చేస్తే పట్టు తగ్గుతుంది. డ్రమ్ము లేత్ మీద కోయిస్తే రెండు పక్కలా ఒకే కొలత కోయించు. మొత్తం మీద వ్యాసం 1.5 మిల్లీమీటర్లకి మించి పెరగకూడదు.

వీల్ సిలిండర్ విప్పితే లోపల వేలు పెట్టి తడుము. సన్నని గీతలుంటే హోనింగ్ (లోపలి గోడని నున్నగా రుద్దడం) చేయించి కొత్త కప్పులు వేయొచ్చు. గుంటలు తగిలితే సిలిండరే మార్చు. కప్పులకి ఇంజిన్ ఆయిల్, పెట్రోలు, డీజిల్ తగలనివ్వకు, రబ్బరు ఉబ్బిపోతుంది. బ్రేక్ ఆయిల్ రాసే బిగించు. ముందు, వెనక సిలిండర్ల బోరు వేరు, కలిపేయకు.

అడ్జస్ట్ చేసేటప్పుడు డ్రమ్ము చల్లగా ఉండాలి. ఒక్కో షూ అడ్జస్టర్‌ని చక్రం బిగిసేదాకా తిప్పి, ఒరుసుకోకుండా తిరిగేంతవరకు మాత్రమే వదులు చెయ్యి. కింద షూలని పట్టి ఉంచే యాంకర్ పిన్నుల్ని లైనర్లు మార్చినప్పుడు తప్ప ముట్టుకోవద్దు.

బ్రేకు తొక్కి వదిలాక చక్రం పట్టుకునే ఉంటే షూ స్ప్రింగుల మీద నెపం పెట్టేస్తారు. పట్టేసిన చక్రం బ్లీడర్ (లైన్లో గాలి బయటికి వదిలే స్క్రూ) కొద్దిగా వదులు చేసి చూడు. ఆయిల్ చిమ్మి చక్రం వదిలేస్తే, ప్రెషర్ వెనక్కి పోలేకపోతోందన్నమాట. ఒక్క చక్రమే అలా ఉంటే రబ్బరు హోస్ లోపల ఉబ్బి పూడుకుపోయింది, పైకి కొత్తదానిలా కనిపించినా మార్చెయ్యి. నాలుగు చక్రాలూ పట్టేస్తుంటే పెడల్ ఫ్రీ ప్లే చూడు. మాస్టర్ సిలిండర్‌ని తోసే పుష్ రాడ్ తగిలేముందు పెడల్ అర అంగుళం ఖాళీగా కదలాలి. లేకపోతే మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ వెనక్కి పోయే సన్నని రంధ్రం మూసుకుపోతుంది. తొక్కే కొద్దీ బ్రేకులు బిగుస్తూ, పొగ వచ్చేదాకా వెళ్తుంది.

లైన్లో గాలి తీయడానికి లీటరు డాట్ 3 బ్రేక్ ఆయిల్, సీలు తీయని డబ్బా, తెచ్చుకో. మూత తీసి నెలలు పెట్టింది గాల్లో తేమ పీల్చుకుంటుంది. అలాంటి ఆయిల్ ఘాట్లో మరిగి ఆవిరైతే పెడల్ నేలకంటుతుంది. అందుకే రెండేళ్లకోసారి ఆయిల్ మొత్తం మార్చు. మాస్టర్ సిలిండర్‌కి ఎక్కువ దూరంలో ఉన్న చక్రంతో మొదలుపెట్టు. స్టీరింగు వైపే మాస్టర్ సిలిండర్ ఉంటే ఎడమ వెనక, కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు. ఒకరు మెల్లగా తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు బ్లీడర్ తెరిచి, మూశాకే కాలు తీయమనాలి. పెడల్ కింద చెక్కముక్క పెట్టు. పాత సిలిండర్లో ఎప్పుడూ వాడని చివరి భాగం తుప్పు పట్టి ఉంటుంది, కప్పు అక్కడిదాకా పోతే చిరిగిపోతుంది. మాస్టర్ సిలిండర్ డబ్బాలో ఆయిల్ సగం కన్నా తగ్గనివ్వకు, గాలి దూరి పని మళ్లీ మొదటికొస్తుంది.

బురద వాగు దాటాక ఓ వంద గజాలు పెడల్ మీద తేలిగ్గా కాలు ఆనించి నడిపితే డ్రమ్ములు ఆరతాయి. నీళ్లు ఆరతాయి గానీ ఒండ్రు పోదు. ఇంటికొచ్చాక డ్రమ్ము తీసి కడగకపోతే ఆ ఇసుక లైనర్‌నీ డ్రమ్మునీ ఒకేసారి అరగదీస్తుంది.

అన్నీ బిగించాక ఖాళీ మైదానంలో నెమ్మదిగా పరీక్షించు. కొత్త లైనర్లు వేస్తే 300 కిలోమీటర్ల తర్వాత మళ్లీ అడ్జస్ట్ చెయ్యి. అప్పటిదాకా పాడేరు ఘాట్ దిగొద్దు. తర్వాత దిగినా రెండో గేరులో ఇంజిన్ పట్టు మీదే దిగు.

రేపు ఆ కుడి ముందు డ్రమ్ము విప్పగానే లోపలి ఫోటో పంపు. జిడ్డు మీద నీళ్లు పోస్తే ఏమైందో కూడా చెప్పు. లైనర్ల సంగతి అప్పుడు తేలుద్దాం.

మావయ్య