నోమ్ ఇంజిన్ చేస్తున్న అబ్బాయికి ఏరోనాటికల్ తప్పనిసరా?

ప్రశ్న: మాది కొరాపుట్ జిల్లా జయపురం. మా బాబు ప్లస్ టూ సైన్స్ రెండో ఏడు. 1909 నాటి నోమ్ విమాన ఇంజిన్‌కు నాలుగో వంతు నమూనా చేస్తానని సాయంత్రాలన్నీ వాళ్ల మేనమామ లేత్ షాపులోనే ఉంటున్నాడు. పరీక్ష కోసం చేసిన ఒక్క సిలిండర్‌ను మూడుసార్లు మార్చినా స్టార్ట్ కాలేదు. ఏరోనాటికల్ చదువుతానంటాడు. నేను కంప్యూటర్ సైన్స్ అంటున్నాను. నెల నుంచి షాపుకు పోనివ్వడం లేదు. ఏది మంచిది?

జవాబు: ముందు వాణ్ని షాపుకు పోనివ్వండి. మార్కులు తగ్గాయని మీరు రాయలేదు కదా! మీ మనసులో ఉన్నది బ్రాంచి సంగతి కాదు, పిల్లవాడు చెడిపోతున్నాడేమోనన్న భయం. చెడిపోవడం లేదు. మీ భయానికి వాడి చేత మూల్యం కట్టించకండి.

వాడు ఎత్తుకున్నది చిన్న పని కాదు. ఆ ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్ (మధ్యలోని ఇరుసు) కదలదు, ఏడు సిలిండర్లే దాని చుట్టూ తిరుగుతాయి. అసలు బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) 110 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 120. నాలుగో వంతుకు 27.5, 30. చిక్కంతా గోడ దగ్గర వస్తుంది. అసలు సిలిండర్ గోడే సుమారు ఒకటిన్నర మి.మీ., దాన్నీ నాలుగుతో భాగిస్తే 0.4 కూడా మిగలదు. అంత పల్చని గొట్టాన్ని త్రీ-జా చక్‌లో, అంటే లేత్ మీద మూడు దవడలతో పట్టే బిగింపులో, బిగించి లోపల తొలిస్తే, చక్‌లో ఉన్నంతసేపూ గుండ్రంగానే ఉంటుంది. విప్పగానే మూడు వైపులా ఉబ్బుతుంది. రెండు మొనల గేజ్‌తో కొలిస్తే ఎటు తిప్పినా దాదాపు ఒకే అంకె చూపిస్తుంది, అందుకే తప్పు దొరకదు. పిస్టన్ రింగు గోడకు ఆనదు, కంప్రెషన్ నిలవదు. మీవాడికి మూడుసార్లూ జరిగింది చాలావరకు ఇదే అయ్యుండాలి.

గోడ 1 మి.మీ. ఉంచమనండి. బయట లోహం మందంగా ఉండగానే లోపల తొలవడం, హోనింగ్ (రాతితో నునుపు చేయడం) పూర్తి చేసి, తర్వాత మాండ్రెల్ (లోపల దూర్చే కడ్డీ) మీద ఎక్కించి ఫిన్‌లు (చల్లబరిచే రెక్కలు) కోయాలి. రింగు కొసల మధ్య గ్యాప్ 0.1 మి.మీ. చాలు. నడిపేటప్పుడు ఆయిల్‌గా ఆముదమే పోయాలి. ఈ ఇంజిన్‌లో పెట్రోలు క్రాంక్‌కేస్ (క్రాంక్‌షాఫ్ట్ ఉండే పెట్టె) గుండానే వెళ్తుంది, మామూలు ఆయిల్ అందులో కరిగి కొట్టుకుపోతుంది. ఆముదం అంత తేలిగ్గా కరగదు.

ఇక ఏరోనాటికల్. ఇక్కడ నాకు గట్టి అనుమానమే ఉంది. ఆ నాలుగేళ్లలో గాలి ప్రవాహం, రెక్కల బలం, జెట్ ప్రొపల్షన్ నేర్పుతారు. ఎక్కువ భాగం గణితం, సిమ్యులేషన్. లేత్ ముందు నిలబడేది తక్కువ. గణితం ఇష్టమైతే నిక్షేపంగా చేరొచ్చు, కానీ మీవాడికి ఇష్టం లోహం. పేరులో విమానం ఉందని చిన్న ప్రైవేటు కాలేజీకి లక్షలు కట్టేముందు, అక్కడి విండ్ టన్నెల్ (గాలి వదిలి నమూనాలను పరీక్షించే సొరంగం) నడుస్తోందో దుమ్ము పట్టిందో స్వయంగా చూసి రండి. ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ లైసెన్స్ మంచిదే, అయితే అది మాన్యువల్ ప్రకారం విమానాన్ని సంరక్షించే పని, తయారీ కాదు.

మీ జిల్లాలోనే సునాబెడలో ప్రభుత్వ విమాన సంస్థ హెచ్‌ఏఎల్ మిగ్, సుఖోయ్ యుద్ధ విమానాల ఇంజిన్లు చేస్తుంది. అక్కడికి టర్నర్, మెషినిస్టు, మెకానికల్ డిప్లొమా, మెకానికల్ బీటెక్ అన్నీ దారులే. నన్నడిగితే మెకానికల్. లేదా కేంద్ర ప్రభుత్వ శిక్షణ సంస్థలైన భువనేశ్వర్ సీటీటీసీలోనో హైదరాబాద్ సీఐటీడీలోనో నాలుగేళ్ల టూల్ అండ్ డై (పనిముట్లు, అచ్చుల తయారీ) డిప్లొమా. ప్లస్ టూ అయ్యాక మళ్లీ డిప్లొమానా అని చిన్నబోకండి. మైక్రాన్లలో పని చేసే చేతులకు అది సరైన చోటు. కంప్యూటర్ సైన్స్ వాడు అడగలేదు, మీరు అడుగుతున్నారు.

పరీక్షలయ్యేదాకా రోజుకు గంట, ఆదివారం పూట మొత్తం అని ఒప్పందం చేసుకోండి. ఈ ఆదివారం మీరూ వెళ్లండి. రింగును సిలిండర్‌లో పెట్టి, వెనక టార్చి పట్టుకోమంటాడు. పట్టుకోండి. వెలుగు ఎక్కడ సన్నని గీతలా కారుతోందో వాడే చూపిస్తాడు.