గ్రూప్ వదిలేశాను, నా పాత్రను వదులుకోవాలా?

ప్రశ్న: నాకు ఇరవై ఏళ్ళు. పదహారో ఏట ఒక ఆన్‌లైన్ రోల్‌ప్లే గ్రూప్‌లో చేరాను. అడ్మిన్ కల్పించిన ఊహాలోకంలోకి సభ్యులు తలా ఒక సొంత పాత్రను తెచ్చుకుని, వంతులవారీగా పోస్టులు రాస్తూ కథ నడుపుతారు. నా పాత్ర పేరు సంజ. పాత్ర వివరాలన్నీ రాసిచ్చే క్యారెక్టర్ షీట్‌ను మూడుసార్లు తిప్పి పంపి నాలుగోసారి ఓకే చేశారు. నాలుగేళ్ళు రాశాను. ఈమధ్య గొడవలై బయటికి వచ్చేశాను. ఇప్పుడు సంజను ఇంకో సభ్యుడు నడుపుతూ, ఆమెను పిల్లల్ని చంపే హంతకురాలిగా మార్చేశాడు. అడిగితే అడ్మిన్, “ఆమోదం పొందిన పాత్రలన్నీ గ్రూప్ సొత్తు. రూల్స్‌లో ఉంది, నువ్వు టిక్ పెట్టావు” అంటున్నారు. నాకేమో సంజతో నవల రాయాలని ఉంది. రాస్తే కేసు వేస్తారా? వేరే గ్రూప్‌లో ఆమెను మళ్ళీ పిచ్ చేయొచ్చా, అంటే ఆమోదం కోసం ప్రతిపాదించొచ్చా? సంజ తమ్ముడి పాత్ర రాసిన స్నేహితుడు మాత్రం ఇప్పటికీ నాతో బాగానే ఉన్నాడు, అతనితో కలిసి రాసిన సన్నివేశాలు నవలలో పెట్టుకోవచ్చా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు పంపిన షీట్ నాలుగు వెర్షన్లూ చదివాను. తిప్పి పంపినప్పుడల్లా మీకు ఏడుపొచ్చిందని రాశారు. లాయరుగా నాకు మాత్రం సంతోషమే కలిగింది, ఎందుకంటే మీ చేతిలో ఉన్న గట్టి సాక్ష్యం అదే. మొదటి వెర్షన్‌లో సంజ “జ్ఞాపకాలు పోగొట్టుకున్న మంత్రగత్తె, ఒంటరి, కోపం ఎక్కువ”. అలాంటి మంత్రగత్తెలు ఏ గ్రూప్‌లో వెతికినా పదిమంది దొరుకుతారు. రెండో వెర్షన్‌లో ఆమెకు శక్తులు పెంచారు, ఇంకా పేలవంగా తయారైంది. అడ్మిన్ విసుక్కుని మూడు ప్రశ్నలు వేశారు. ఈమె బలహీనత ఏంటి, ఎలా మాట్లాడుతుంది, పక్కవాళ్ళ పాత్రలకు ఈమెతో పనేంటి?

వాటికి జవాబుగా వచ్చిందే నాలుగో వెర్షన్. సంజ పటంలో గీసిన దారి నిజంగా ఏర్పడుతుంది, కానీ గీసిన ప్రతి పటానికీ ఆమె జ్ఞాపకం ఒకటి చెరిగిపోతుంది. ఏది పోయిందో తెలియదు కాబట్టి, ఎన్ని పోయాయో లెక్క కోసం మణికట్టు దారానికి ముడులు వేసుకుంటుంది. మొదటిసారి చూసిన మనిషిని కూడా “మనం ఇంతకుముందు కలిశామా?” అని భయంభయంగా అడుగుతుంది. ఎదుటి ఆటగాడు ఏదో ఒకటి రాయక తప్పని ప్రశ్న అది. మంచి అడ్మిన్ పిచ్‌లో వెతికేది ఇలాంటివే. కోర్టు వెతికేదీ దాదాపు ఇదే.

ఎందుకో చెబుతాను. కాపీరైట్ ఎవరో ఆమోదిస్తే వచ్చేది కాదు, రిజిస్ట్రేషన్ చేయిస్తే వచ్చేదీ కాదు. సొంతంగా రాసిన క్షణాన రాసినవాళ్ళకు పుడుతుంది. కాపీరైట్ మీద 1886లో మొదలైన అంతర్జాతీయ బెర్న్ ఒప్పందంలో చాలా దేశాలు ఉన్నాయి కాబట్టి, గ్రూప్ సభ్యులు ఎక్కడెక్కడ ఉన్నా ఈ మూలసూత్రం మారదు. వివరాలు మాత్రం నేను ఇండియా చట్టాన్ని బట్టి చెబుతున్నాను. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అందులో “పాత్ర” అనే విభాగం విడిగా లేదు. సాహిత్య రచన ఉంది, చిత్రకళ ఉంది. పాత్రకు రక్షణ కావాలంటే వాటి ద్వారానే రావాలి.

అసలు చిక్కు అక్కడే ఉంది. చట్టం ఆలోచనను కాపాడదు, దానికి మీరు ఇచ్చిన రూపాన్నే కాపాడుతుంది. అమెరికాలో 1930లో జడ్జి లెర్నెడ్ హ్యాండ్ ఒక నాటకం కేసులో, పాత్రను ఎంత తక్కువగా తీర్చిదిద్దితే దానికి రక్షణ అంత తక్కువ అన్నారు. అస్పష్టమైన పాత్ర రాసుకున్నందుకు రచయిత చెల్లించే మూల్యం అది. మన సుప్రీంకోర్టు ముందుకు 1978లో వచ్చిన ఆర్.జి. ఆనంద్ కేసు మీలాంటివాళ్ళకు ఇంకా దగ్గరగా ఉంటుంది. ఒక నాటక రచయిత సినిమావాళ్ళకు తన నాటకం వినిపించాడు, ఆ తర్వాత అలాంటి ఇతివృత్తంతో సినిమా వచ్చింది. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే, పిచ్ చేసి మోసపోయానని అతని బాధ. కానీ ఓడిపోయాడు. ఆలోచన, ఇతివృత్తం, కథాంశం ఎవరి సొత్తూ కావని, వ్యక్తీకరణను దింపేస్తేనే తప్పని కోర్టు తేల్చింది. దీనికి భిన్నంగా 1996లో ఢిల్లీ హైకోర్టులో కామిక్ హీరో నాగరాజ్ వర్సెస్ నాగేశ్ వివాదం వచ్చింది. అక్కడ పేరు, రూపం, శక్తులు అన్నీ కలిపి చూసి, కోర్టు నాగరాజ్ ప్రచురణకర్తల వైపు నిలిచింది.

కాబట్టి ఎవరైనా జ్ఞాపకాలు లేని ఇంకో మంత్రగత్తెను సృష్టిస్తే మీరు ఏమీ చేయలేరు, చేయకూడదు కూడా. “సంజ” అన్న పేరొక్కదాని మీద కూడా కాపీరైట్ ఉండదు. పటం, ముడుల దారం, ఆ ప్రశ్న, ఆ వెనుకకథ అన్నీ కలిసి వస్తేనే ఆమె మీది. మీ మొదటి వెర్షన్‌నే అడ్మిన్ ఓకే చేసి ఉంటే ఈ జవాబు చాలా చిన్నదిగా, నిరాశగా ఉండేది. ప్రశ్నలు వేసి వేసి ఆయనే మీ చేత దస్తావేజు రాయించారు, పాపం!

ఇక ఆ రూల్ సంగతి. కాపీరైట్ ఒకరి నుంచి ఇంకొకరికి బదిలీ కావాలంటే రాతపూర్వకంగా ఉండాలి, ఇచ్చేవాళ్ళ సంతకం ఉండాలి అంటుంది సెక్షన్ 19. రూల్స్ కింద పెట్టిన టిక్ సంతకంతో సమానమా అని గంటలకొద్దీ వాదించుకోవచ్చు. మీ విషయంలో అంతదూరం పోనక్కర్లేదు, అప్పుడు మీరు మైనర్. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం ప్రకారం పద్దెనిమిది నిండనివాళ్ళకు ఒప్పందం చేసుకునే అర్హతే లేదు. అలాంటి ఒప్పందం మొదటినుంచీ చెల్లదని బ్రిటిష్ కాలంలో మనకు ఆఖరి అప్పీలు కోర్టుగా ఉన్న ప్రీవీ కౌన్సిల్ 1903లోనే చెప్పింది. మీకు పద్దెనిమిది నిండినంత మాత్రాన పాత టిక్‌కు ప్రాణం రాదు. అయితే మీరు నాకు చెప్పని విషయం ఒకటి ఉండొచ్చు. గత రెండేళ్ళలో రూల్స్ మార్చి, మీ చేత మళ్ళీ ఒప్పించారా? ఒకసారి వెనక్కి వెళ్ళి చూడండి. అలా జరిగి ఉంటే మైనర్ వాదన బలహీనపడుతుంది, అప్పుడు సంతకం సంగతే పట్టుకోవాలి.

అలాగని నాలుగేళ్ళ ఆటనంతా తుడిచేయమని అడిగే హక్కు మీకు ఉందనుకోకండి. అందరూ కలిసి ఆడతారని తెలిసే మీరు పోస్ట్ చేశారు. మీ మాటకు జవాబు రాయడానికి, సంజను తమ సన్నివేశాల్లో ప్రస్తావించడానికి మీ ప్రవర్తనే అనుమతి ఇచ్చిందని వాళ్ళు అంటారు, ఆ మాటలో న్యాయం ఉంది. మీరు అడగగలిగేది ఇకముందు రాసేదాని గురించి. హంతకురాలి మలుపు మీద కాపీరైట్ చట్టం సెక్షన్ 57 కింద ఉండే నైతిక హక్కు గుర్తుకొస్తుంది. రచనను వక్రీకరించి రచయిత గౌరవానికి భంగం కలిగిస్తే అడ్డుకునే హక్కు అది, కాపీరైట్ అమ్ముకున్నాక కూడా మిగులుతుంది. కానీ మారుపేరుతో రాసిన మీకు పరువు ఎలా పోయిందని జడ్జి అడిగితే, జవాబు కష్టమే. అందుకే నా సలహా, కోర్టు వద్దు. అడ్మిన్‌కు మర్యాదగా ఒక లేఖ రాయండి. ఆ సభ్యుడి పాత్రకు పేరు మార్చి, పటాలు, ముడుల దారం తీసేస్తే మీకు అభ్యంతరం లేదని చెప్పండి. హంతకురాలిని వాళ్ళే ఉంచుకోనివ్వండి. వినకపోతే, ఆ వేదిక యాజమాన్యానికి కాపీరైట్ ఫిర్యాదు పెట్టే దారి ఉంది. అక్కడ కూడా మీ షీట్‌లోని వాక్యాలను దింపిన పోస్టులనే చూపండి, గ్రూప్ మొత్తాన్ని కాదు.

నవల గురించి. సంజను మీరు తీసుకుపోవచ్చు, ఆమె నడిచిన లోకాన్ని తీసుకుపోలేరు. ఊళ్ళ పేర్లు, మంత్రాల పద్ధతి, రాజవంశాల చరిత్ర అడ్మిన్ రాసినవైతే అవి ఆయనవి. వాళ్ళు కేసు వేయాలంటే వాటి మీదే వేయాలి, పాత్ర మీద కాదు. కాబట్టి ఆ పేర్లన్నీ కొట్టేసి షీట్‌ను మళ్ళీ చదవండి. సంజ నిలబడితే దిగుల్లేదు. కూలిపోయిన చోటల్లా మీ సొంత కల్పనతో పూడ్చండి. మీ గ్రూప్ లోకం ఆయన సొంతం కావడం ఒక రకంగా మీ అదృష్టం. ఏదో ప్రసిద్ధ నవలాలోకంలో నడిచే రోల్‌ప్లే అయ్యుంటే, అడ్మిన్ కంటే పెద్ద హక్కుదారుతో తలపడాల్సి వచ్చేది. అన్నీ తీసేసి రాశాక కూడా ఆధారం లేకుండా కేసులని బెదిరిస్తే, ఆ బెదిరింపులు ఆపించమని అదే చట్టం సెక్షన్ 60 కింద మీరే కోర్టుకు వెళ్ళొచ్చు.

బొమ్మల విషయంలో చాలామంది పొరబడతారు. పాత్ర ముఖం ఇలా ఉంటుందని చూపడానికి ఫేస్ క్లెయిమ్ అంటూ షీట్‌లో పెట్టిన నటి ఫొటో ఆట వరకే, నవల అట్ట మీదికి రాకూడదు. గ్రూప్‌లో ఎవరో అభిమానంతో గీసి ఇచ్చిన సంజ బొమ్మ మీద హక్కు గీసినవారిదే. డబ్బిచ్చి గీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, మన చట్టంలో గీయించుకున్నవారికే మొదటి హక్కు. చాలా దేశాల్లో ఇది తలకిందులు, అక్కడ చిత్రకారుడిదే. చిత్రకారుడు ఏ దేశంవాడైనా ఒక కాగితం రాయించుకుంటే ఈ గొడవే ఉండదు.

ఇవాళే చేయాల్సిన పని ఒకటుంది. నాలుగు వెర్షన్ల అసలు ఫైళ్ళు, అడ్మిన్ ప్రశ్నలు, ఆమోదం తెలిపిన మెసేజ్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, గ్రూప్ నుంచి మిమ్మల్ని బ్లాక్ చేయకముందే. ఉత్త స్క్రీన్‌షాట్లు కోర్టులో నిలవడం కష్టం. 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో ఫైల్ హాష్ విలువ (ఫైలును చిన్నగా మార్చినా మారిపోయే, వేలిముద్రలాంటి సంఖ్య) కూడా రాయాలి. అందుకే అసలు ఫైలును తెరిచి దిద్దకుండా అలాగే ఉంచండి. రాత ప్రతిని కవరులో పెట్టి తమకు తామే రిజిస్టర్డ్ పోస్టు చేసుకోమని కొందరు సలహా ఇస్తుంటారు. పోస్టాఫీసుకు ఆదాయం తప్ప దానివల్ల ఒరిగేది తక్కువ. నవల పూర్తయ్యాక మాత్రం కాపీరైట్ రిజిస్ట్రేషన్ చేయించండి. తప్పనిసరి కాదుగానీ, కోర్టులో ప్రాథమిక సాక్ష్యంగా పనికొస్తుంది.

కొత్త గ్రూప్‌లో నిరభ్యంతరంగా పిచ్ చేయండి. కాకపోతే అందరికీ కనబడేచోట పెట్టిన పిచ్‌కు గోప్యత ఉండదు. 2003లో బొంబాయి హైకోర్టు ఒక టీవీ సీరియల్ కాన్సెప్ట్‌ను రహస్య సమాచారంగా కాపాడింది, కానీ అది వ్యాపార చర్చల్లో నమ్మకంగా ఇచ్చింది. మీ పిచ్ పదిమంది చదివేది. కాబట్టి ఆమె అలవాట్లు, మాటతీరు, భయాలు వివరంగా రాయండి, దొంగిలిస్తే పట్టుబడేంత వివరంగా. వెనుకకథలో నవలకు ఆయువుపట్టయిన మలుపు మాత్రం మీ ఫైల్లోనే ఉంచుకోండి. షీట్ చివర ఒక వాక్యం పెట్టండి: “ఈ పాత్ర నా సొంత రచన. నేను సభ్యురాలిగా ఉన్నంతకాలం, ఈ గ్రూప్ ఆటలో వాడుకోవడానికి మాత్రమే అనుమతి ఇస్తున్నాను.” ఆ వాక్యం చూసి మొహం చిట్లించే అడ్మిన్ ఉంటే, చేరకముందే తెలియడం మంచిదే కదా.

మీ స్నేహితుడి సంగతికి వస్తే, వంతులవారీగా ఎవరి పోస్టు వాళ్ళు రాశారు కాబట్టి ఎవరి భాగం వాళ్ళదే. ఒకే డాక్యుమెంట్‌లో ఒకరి వాక్యాన్ని ఇంకొకరు దిద్దుతూ, ఎవరిదేదో విడదీయలేనంతగా కలిసిపోయి ఉంటే అది ఉమ్మడి రచన అవుతుంది, అప్పుడు ఇద్దరి ఒప్పుదలా కావాలి. తమ్ముడి డైలాగులను మాటలు మార్చి వాడుకుందామనుకుంటున్నారేమో, వద్దు. అతన్నే అడిగి రాయించుకోండి. ఏయే సన్నివేశాలు, ఏ తేదీల పోస్టులు, నవలకేనా, అనువాదాలకు కూడానా, డబ్బు వస్తే అతని వాటా ఎంత అన్నవన్నీ అందులో ఉండాలి. కాలం, ప్రాంతం కూడా రాయించడం మరిచిపోకండి. కాలం రాయకపోతే చట్టం ఆ అనుమతిని ఐదేళ్ళకే లెక్కిస్తుంది, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే.